గొడుగు బల్లకు కోక

మొన్న ఆదివారం విశాఖపట్నంలో సముద్రం ఒడ్డు హోటలు ముందు టీ తాగడానికి కూర్చున్నాం. పచ్చిక మీద నాలుగు గొడుగు బల్లలు. గొడుగు కర్ర బల్ల మధ్యలోంచి పైకి వెళ్ళే చోట గుడ్డ ముడత లేకుండా అమరి ఉంది. అది చూసి ఉండబట్టలేక వంగి అంచు ఎత్తి చూశాను. అంచు నుంచి మధ్య దాకా ఒక కోత, ఆ కోత పొడవునా ప్రెస్ బటన్లు. సర్వరు నన్ను అనుమానంగా చూశాడు. "పడిపోయిందేమైనా ఉంటే తీసుకుని లేవండి, అందరూ చూస్తున్నారు" అంది మా ఆవిడ. పడిపోయింది ఏమీ లేదు. అరకులో ఒక మంగళవారం ఉదయం గుర్తొచ్చింది, అంతే.

అప్పటికి నేను పాలిటెక్నిక్ ముగించి ఏడాది. రోడ్ల పనుల్లో సూపర్‌వైజరుని, అక్కడివాళ్ళ మాటలో ఓర్సీరుని. అరకులో మా శాఖ బంగళా వెనక గదిలో ఉండేవాణ్ణి. బంగళా వాచ్‌మన్‌ని అందరం మావ అనేవాళ్ళం, ఆయన భార్యని అత్త అనేవాళ్ళం. పక్క కొండ మీది ఊరు వాళ్ళది. మావ పదకొండేళ్ళుగా అక్కడ తాత్కాలికంగానే పనిచేస్తున్నాడు. తీసెయ్యాలంటే కాగితం కూడా అక్కర్లేదు, నోటి మాట చాలు. ఆ నోటి మాట దాదాపు వచ్చేసింది కూడా. అంతకు రెండు నెలల ముందు పెద్ద ఇంజినీరుగారు వచ్చి, పసుపు పూల వలిసె చేలు చూస్తూ టీ తాగుదామని బయట గొడుగు బల్ల దగ్గర కూర్చున్నారు. మంచుకు తడిసిన ఇనుప బల్ల ఆయన తెల్ల చొక్కా మోచేతులకు తుప్పు రంగు అద్దింది. "ఈసారి నేనొచ్చేసరికి ఈ బల్ల మీద గుడ్డయినా ఉండాలి, ఇంకో వాచ్‌మన్ అయినా ఉండాలి" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. అందుకే మావ మరీ భయపడ్డాడు.

సోమవారం సాయంత్రం బస్సు డ్రైవరు చీటీ తెచ్చాడు. రేపు పదకొండుకు పెద్దాయన వస్తున్నారు. గుడ్డ కోసం పెట్టిన అర్జీకి ఆఫీసు నుంచి ఇంకా జవాబే రాలేదు. నాకు కష్టం వస్తే కాగితం మీద పెట్టడం అలవాటు. ఉదయం ఎనిమిదికి నోటుబుక్కులో రాసుకున్నాను. బల్ల గుండ్రం, అడ్డకొలత నాలుగడుగులు. మధ్యలో పైపు, అంగుళమున్నర. బంగళా తెల్లగుడ్డ స్టాకు రిజిస్టరులో ఉన్న సొత్తు, కత్తెర పెట్టకూడదు. దర్జీ శుక్రవారం సంతకే వస్తాడు. నా దగ్గర కొత్త దుప్పటి ఉంది. కాబట్టి దుప్పటికి మధ్యలో కన్నం. డ్రాయింగు పెట్టెలోంచి వృత్తలేఖిని తీసి అంగుళం ముప్పావు వెడల్పున గీత గీసి, గీత దాటకుండా కత్తిరించాను. అంత చక్కటి కన్నం నేను మళ్ళీ కత్తిరించలేదు.

దాన్ని రెండు చేతులా పట్టుకుని బయటికి వచ్చేసరికి అత్త వాకిలి ఊడుస్తోంది. చీపురు ఆపి దుప్పటి వంక చూసింది, తలెత్తి గొడుగు వంక చూసింది. "కన్నం బాగుంది బాబూ. గొడుగు బుర్ర దీంట్లోంచి ఎలగ దూరుద్ది?"

గొడుగు ఏడడుగుల వెడల్పు. తుప్పు పట్టి, తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బిగుసుకుపోయింది. పోనీ పైపు ఊడదీద్దామంటే అంతకు ముందు నెల గాలి ఆ గొడుగును ఎత్తుకెళ్ళి చేలో పడేసిందని, నేనే పైపును కాంక్రీటులో పాతాను. సిమెంటు, ఇసుక, కంకర ఒకటి, రెండు, నాలుగు పాళ్ళు తప్పకుండా కలిపి, వారం రోజులు తడిపాను. నా ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో ఇప్పటికీ కదలనివాటిలో అదొకటి.

తొమ్మిదిన్నరకు అంచు నుంచి కన్నం దాకా దుప్పటిని చీల్చాను. పక్క నుంచి తొడిగితే అమరినట్టే అమరింది. అప్పుడే లోయలోంచి గాలి వచ్చింది. చీలిక రెండు పక్కలా లేచి టపటపా కొట్టుకోసాగింది. కింద తుప్పు ఎర్రగా కనబడింది. ఆఫీసు గుండుసూదులు మూడు గుచ్చాను, మూడూ వంగాయి. కుడదామంటే బంగళాలో సూది పట్టడం తెలిసినవాళ్ళు లేరు. అత్త వాళ్ళ కట్టుకు సూదితో పనిలేదు. కోకను మోకాళ్ళ దాకా చుట్టి, భుజం మీద ముడి వేస్తే అయిపోయింది. మావ వరండా మెట్టు మీద కూర్చుని ఒకే కప్పును తుడుస్తున్నాడు. పది గంటలకూ అదే కప్పు.

"దాన్ని తీసెయ్ బాబూ" అంది అత్త. లోపలికి వెళ్ళి ఉతికి మడతపెట్టిన గళ్ళ కోక, ఎర్రంచుది, తెచ్చింది.

మావ లేచి నిలబడ్డాడు. "నీకేటైనా మతుందా? నీ కోక మీద ఆ బాబు టీ తాగుతాడా? తెలిత్తే ఈ పొద్దే దిగిపోమంటాడు."

"తుప్పు మీద తాగినా దిగిపోమన్నాడు కదా. బేగి ఆ కొస పట్టు."

ఆమె కోక ఒక అంచును కుచ్చిళ్ళుగా మడుస్తూ పైపు చుట్టూ తిప్పింది. నా దుప్పటి పేలిక ఒకటి దాని మీద బిగించి, భుజం మీద వేసుకునే ముడే వేసింది. మిగతా కోక బల్ల మీద పరుచుకుని అంచు దాటి కిందికి జారింది. కొసలు రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చిన చోట, కింద రెండు గులకరాళ్ళు పెట్టి మూటల్లా కట్టింది. గాలి వచ్చింది, కుచ్చిళ్ళు కదిలాయి, గుడ్డ లేవలేదు. ఊరుకోలేక టేపు పట్టాను. కోక వెడల్పు నలభై అయిదు అంగుళాలు. పైపు నుంచి బల్ల అంచుకు ఇరవై నాలుగు, కిందికి వేలాడడానికి ఇరవై ఒకటి. చుట్టుకొలత నూట యాభై ఒకటి, కోక పొడవు అంతకంటే జానెడు ఎక్కువ. లెక్క సరిపోయింది. అయితే నేను వేసింది కట్టడం అయిపోయాక.

పదింబావుకే మలుపులో జీపు చప్పుడు. ముప్పావుగంట ముందే వచ్చారు. పెద్ద ఇంజినీరుగారు నేరుగా బల్ల దగ్గరికి వచ్చారు. అరచేత్తో గుడ్డను ఒకసారి రాసి, అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. కుర్చీ లాక్కుని కూర్చుని, పైపు దగ్గర ముడి కేసి వంగారు.

"కుట్టలేదే. ఎవరు చేశారయ్యా ఇది?"

"మా ఓర్సీరు బాబే సేసినారండి" అన్నాడు మావ, ఊపిరి తీసుకోకుండా.

"గుడ్డెక్కడిది?" అని ఆయన నా వంక తిరిగారు. సంతలో కొన్నాను అంటే సరిపోతుంది. మావ కళ్ళు అదే అనమంటున్నాయి. నిజం చెబితే ఆయన లేచి నిలబడతారేమో, ఆ పైన మాట ఎలా ఉంటుందో నాకు తెలియదు. అబద్ధం చెబితే, ట్రే పట్టుకుని వంటింట్లోంచి బల్ల దాకా వచ్చిన అత్త ఎదురుగా చెప్పాలి. నేను నోటుబుక్కు కోసం జేబు తడుముకున్నాను.

"నా కోకండి" అంది అత్త. "ఉతికిందే."

మావ తల వంచేసుకున్నాడు. పెద్దాయన బల్ల మీద ఆనించిన మోచేతులు తీసేశారు. కోకను చూశారు, ఆమెను చూశారు. జీపు డ్రైవరు కూడా ఇంజను కట్టేసి ఇటే చూస్తున్నాడు. అత్త ట్రే అలాగే పట్టుకుని నిలబడింది, దించమని ఎవరూ అనలేదు కనక.

"అయితే ఒలక్కుండా తాగాలి" అన్నారాయన. ట్రేలోంచి కప్పూ సాసరూ తనే అందుకుని, ఒక చేత్తో సాసరు కింద పట్టుకుని, చుక్క పడకుండా తాగారు. వెళ్ళేటప్పుడు వాచ్‌మన్ మాట ఆయన ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆ పూట మాకు కావలసింది. జీపు మలుపు తిరిగాక మావ మెట్టు మీద కూలబడి, "నాకు సెప్పకుండా అలగ అనేసినావేటే" అన్నాడు. "అడిగాడు, సెప్పాను" అంది అత్త, పైపు దగ్గర ముడి విప్పుతూ.

పెద్ద ఇంజినీరుగారు ఆ బల్ల దగ్గర కూర్చున్నది నా గడియారం ప్రకారం పన్నెండు నిమిషాలు. ఆయనకు అది ఒక టీ తాగినంత సేపు, మావకు పదకొండేళ్ళు. ఒకే గడియారం లెక్కన ఒకే చోట ఉన్నా, మా అందరికీ గడిచినది ఒకే కాలం కాదు.