ముసుగు తియ్యని బొమ్మ

దేముడమ్మకు చదువు లేదు. కొడుకు పతకం మీద ఏం రాసి ఉందో ఆమెకు తెలియదు. అది వెండిది. పట్టుకుంటే చల్లగా ఉంటుంది. ఇనప్పెట్టెలో, పెళ్లి చీర కింద ఉంటుంది. ఎవరైనా చూస్తామని వస్తే తాళంచెవి కనబడటం లేదంటుంది.

ఉద్దానంలో, సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఆమె ఊరు. జీడితోటలు, కొబ్బరితోటలు. మొగుడు సోములు కొబ్బరి దింపు తీసేవాడు. కొడుకు పసివాడుగా ఉండగానే అతను చెట్టు మీంచి పడి చనిపోయాడు. ఆమె జీడిపిక్కలు కొట్టి కొడుకును పెంచింది. సొన అంటి వేళ్ల తోలు నల్లబడిపోయింది. శ్రీకూర్మంలో మొక్కుకుంటే పుట్టాడని వాడికి కూర్మారావు అని పేరు. కోరుకొండ సైనిక పాఠశాలలో సీటు వచ్చినప్పుడు, మూడు పూటలా అన్నం పెడతారని సంతోషించింది. సైనిక అనే మాటను అప్పుడు పట్టించుకోలేదు.

తొంభై తొమ్మిదిలో కార్గిల్ యుద్ధం వచ్చింది. కూర్మారావు అప్పుడు పదాతిదళంలో లెఫ్టినెంటు. తన జవాన్లతో చీకట్లో ఒక కొండ ఎక్కాడు. పైన శత్రువుల బంకరు. భుజంలోంచి తూటా దూసుకుపోయినా వెనక్కి దిగలేదు. తెల్లారేసరికి బంకరు వీళ్ల చేతిలో ఉంది. అందుకు వీరచక్ర ఇచ్చారు. ఇదంతా పేపర్లో పడింది. తల్లితో అతను చెప్పింది ఒక్కటే.

"చలెక్కువమ్మా అక్కడ."

పతకం కబురు ఊరికి వచ్చిన తీరు వేరు. జీపులో అధికారులు వచ్చారు. ఒకాయన చేతులు జోడించి, "మీ అబ్బాయి వీరుడమ్మా" అన్నాడు.

ఆ ఊళ్లో వీరుడంటే అర్థం ఒకటే. పొలిమేరలో రాళ్లు పాతి ఉన్నాయి. ఎలుగుబంటి చీల్చినవాడికి ఒకటి. పడవ తిరగబడి పోయినవాడికి ఒకటి. ఆయుష్షు తీరకుండా పోయినవాళ్లకు పాతిన రాళ్లు. వాటిని వీరులంటారు. పసుపు రాసి కోడిని కోస్తారు.

దేముడమ్మ పిక్కల గుట్ట మీద కూలబడింది. పక్కింటి ఆడవాళ్లు శోకాలు అందుకున్నారు. బతికే ఉన్నాడని అధికారులు అరుస్తున్నా చాలాసేపు ఎవరికీ వినబడలేదు. తర్వాత అందరూ నవ్వుకున్నారు. చావు కబురు తప్పయితే ఆయుష్షు పెరుగుతుందన్నారు. ఆమె కూడా నవ్వింది. అయినా ఆ తర్వాత వీరుడన్న మాటను తన గుమ్మంలో ఎవరినీ అననివ్వలేదు.

కూర్మారావు కల్నల్ అయ్యాడు. భార్యాపిల్లల్ని సికిందరాబాదులో ఉంచి మళ్లీ సరిహద్దుకు వెళ్లాడు. అది రెండువేల పదిహేడు. టీవీలో రోజూ కాల్పుల వార్తలే. చూసిన కొద్దీ ఊరి కుర్రాళ్లకు ఉత్సాహం, ఆమెకు దిగులు. యువజన సంఘానికి కొండబాబు పెద్ద. దేముడమ్మ అన్న కొడుకు. ఒకరోజు పొద్దున్నే వచ్చాడు.

"అత్తా, కూర్మా బావ బొమ్మ రోడ్డు మీద పెడతన్నాం. నిలువెత్తుది."

"ఆడు బతికున్నాడ్రా."

"అందుకే గదా. పోయినోడికి ఎవుడైనా పెడతాడు."

"ఒరే, పలాస దాకా రోడ్డు పొడుగునా బొమ్మలే గదా. ఒక్కడంటే ఒక్కడు బతికున్నోడ్ని సూపించు."

కొండబాబు ఆలోచించాడు.

"ఆంజనేయసామి" అన్నాడు.

"ఆయనకి సావు నేదు. నా కొడుక్కి ఉన్నాది."

కొండబాబు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

టెక్కలి రోడ్డులో కృపానిధి షెడ్డు ఉంది. సిమెంటు బొమ్మలు చేస్తాడు. బాప్టిస్టు చర్చివాళ్ల సమాధులకు శిలువలు కూడా అతనే పోస్తాడు. దేముడమ్మ బస్సెక్కి వెళ్లింది. షెడ్డు నిండా నాయకులు చేతులెత్తి నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్యన తన కొడుకు. టోపీ, భుజాల మీద నక్షత్రాలు, రొమ్ము మీద పతకం. ముక్కు అచ్చం సోములు ముక్కే. కళ్లకు ఇంకా రంగు వెయ్యలేదు.

"పగలగొట్టీ నాయనా" అంది.

"ఊరోళ్లు సెయ్యమన్నారమ్మా. నానెలగ పగలగొడతాను?"

"నువ్వు సేసినోళ్లలో బతికున్నోడు ఎవుడైనా ఉన్నాడా?"

కృపానిధి వేళ్ల మీద ఎండిన సిమెంటు గోక్కున్నాడు.

"ఈ బాబొక్కడే" అన్నాడు. "ముక్కు సెక్కతంటే సేతికి ఊపిరి తగిలినట్టయిందమ్మా. ప్రార్థన సేసుకొని మళ్లీ మొదలెట్టినాను."

అతనూ భయపడ్డాడని తెలిశాక ఆమెకు ఆ షెడ్డులో నిలబడటం చేతకాలేదు.

జనవరిలో, జెండా పండగనాడు బొమ్మను మూడు రోడ్ల కూడలిలో గద్దె మీద నిలబెట్టారు. తెల్లగుడ్డ కప్పి తాడు కట్టారు. గుడ్డ లాగడానికి ఎవరో పెద్దమనిషి వచ్చాడు. బుట్టలో బంతిపూల దండ ఉంది. బొమ్మకు దండ వేస్తారని ఆమె అంతవరకూ అనుకోలేదు. దండను చూడగానే గద్దె ఎక్కింది. గుడ్డ మీంచే బొమ్మ కాళ్లను పట్టుకుంది.

"నా కొడుకు బొమ్మకి దండేస్తారా? ముందు నా మెడలో ఎయ్యండి. నన్ను పాడె మీద పెట్టి అప్పుడు లాగండి ముసుగు."

పెద్దమనిషి జెండాకు వందనం చేసి వెళ్లిపోయాడు. బొమ్మ ముసుగులోనే ఉండిపోయింది.

"బావ కొత్త పెళ్లికూతురిలాగ ఉన్నాడత్తా" అన్నాడు కొండబాబు.

"ఉండనీ. ఆడికి సెప్పకు. నా మీద ఒట్టు."

"ఆయన సంతోషిస్తాడే."

"కాపలా కాసీవోడు తన బొమ్మ గురించి తలుచుకోకూడదు."

రోజూ పొద్దున్నే వెళ్లి తాడు ముళ్లు చూసుకునేది. సముద్రపు గాలికి అవి వదులయ్యేవి. బిగించేది. కూర్మారావు ఆదివారాలు ఫోను చేసేవాడు. బాగున్నావా, బాగున్నాను, అంతే. ఒకసారి గుడ్డ జారి ఎడమ భుజం బయటపడింది. ఆ ఆదివారం ఫోను రాలేదు. ఆమెకు జ్వరం వచ్చింది. తర్వాతి వారం ఫోను వచ్చింది. ఎక్కడో లోపలి పోస్టుకు వెళ్లానన్నాడు. ఎడమ భుజం బాగానే ఉందా అని అడగబోయి ఆగింది. ఆ రోజునుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లేది. సెలవు మీద వస్తాడని ఎదురుచూసేది. వస్తే బొమ్మను చూస్తాడని వణికేది.

అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. ఊరంతా బడిలో తలదాచుకుంది. తెల్లారగట్ట గాలి రైలింజనులా అరిచింది. పెంకులు, రేకులు, కొమ్మలు ఎగిరాయి. గాలి కాస్త తగ్గాక చూస్తే దేముడమ్మ బడిలో లేదు.

కొండబాబుకు ఎక్కడ ఉంటుందో తెలుసు. పడిన చెట్ల మీంచి పాకుతూ వెళ్లాడు. కూడలిలో తెల్లగుడ్డ లేదు. ఆమె గద్దె మీద నిలబడి, సిమెంటు మెడ చుట్టూ చేతులు వేసి, చీర కొంగుతో బొమ్మ ముఖాన్ని కప్పి పట్టుకుంది. నుదురు చిట్లి రక్తం కారుతోంది.

"దిగత్తా."

"ముందు ఏదైనా కప్పు."

అతను చొక్కా విప్పి ఇచ్చాడు.

ఉద్దానం నేలకొరిగింది. కరెంటు లేదు, ఫోను టవర్లు లేవు. కొడుకు ఎలా ఉన్నాడో అడగడానికి దారి లేదు. ముసుగు లేకుండా గడిచిన ఆ కాసేపట్లో సరిహద్దులో ఏం జరిగిందో చెప్పేవాళ్లు లేరు. ఆమె అన్నం ముట్టలేదు. ఇంటికి కప్పు లేనివాళ్లకు ఒక్కో టార్పాలిన్ ఇచ్చారు. ఆమె ఇంటికి కప్పు లేదు. టార్పాలిన్ చంకలో పెట్టుకొని కూడలికి నడిచింది. వాన మళ్లీ పడుతోంది. ఈసారి కొండబాబు వేళాకోళం చెయ్యలేదు. బొమ్మకు టార్పాలిన్ చుట్టి ముళ్లు తనే బిగించాడు. ఆమె బడి వరండాలో పడుకుంది.

దారి తెరిచాక కొండబాబు ఆమెను బండి మీద హైవే దాకా తీసుకెళ్లాడు. అక్కడ సిగ్నలుంది. నంబరు నొక్కి ఆమె చేతికిచ్చాడు. అవతల మొదటి మోతకే ఎత్తారు.

"అమ్మా! నువ్వేనా? అమ్మా!"

గొంతు కూర్మారావుదే. గుర్తుపట్టడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

"టీవీలో మన తోటలు చూపించారు. ఎన్నిసార్లు చేసినా ఫోను మోగదు. భయమేసిందమ్మా."

ఆ మాటను అతని నోట ఆమె ఎప్పుడూ వినలేదు. ఫోనును చెవికి గట్టిగా నొక్కుకుంది.

"కొండెక్కినప్పుడు ఎయ్యలేదేట్రా?"



"ఏసిందమ్మా. నోరెండిపోయింది. మంచు ముక్క నోట్లో పెట్టుకుని ఎక్కాను."

"మరి నాకు సెప్పలేదేటి?"

"నువ్వు భయపడతావని."

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఇల్లెలాగుందమ్మా?"

"పెంకులెగిరిపోయినాయి. టార్పాలిన్ ఇచ్చినారు."

"కప్పించావా?"

కొండబాబు తల తిప్పుకొని రోడ్డు వైపు చూస్తున్నాడు.

"కప్పించాను నాన్నా" అంది దేముడమ్మ. "గట్టిగా కట్టించాను."