అక్క కొరికిన ముక్క

మాది అనంతపురం జిల్లా. మా ఇంట్లో వేరుశెనగ లేకుండా వంట జరిగేది కాదు. చట్నీ శెనక్కాయలదే, కూరలో చల్లే పొడి శెనక్కాయలదే, పిల్లలు మారాం చేస్తే చేతిలో పెట్టే బెల్లం ఉండ శెనక్కాయలదే. వీటన్నిటినీ వేయించే నూనె కూడా దానిదే. చందానగర్‌లో మేడ మీద వాటా కిరాయికి తీసుకున్నప్పుడు మంచం కంటే ముందు లోపలికి వచ్చింది మా అత్తగారు పంపిన గానుగ నూనె డబ్బా. అలాంటి ఇంట్లో నా కొడుక్కి వేరుశెనగ పడదని తేలింది.

తేలేలోపు వాడు చచ్చి బతికినంత పనైంది. మూడేళ్ళు నిండని పిల్లవాడు. చట్నీ నాకిన కాసేపటికే పెదవులు బూరెల్లా ఉబ్బాయి, కళ్ళు మూసుకుపోయాయి. మొదటిసారి ఏదో పురుగు కుట్టిందనుకున్నాం. రెండోసారి దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాను. మూడోసారి పిల్లికూతలు మొదలయ్యాయి. ముంబై రోడ్డు మీద లారీల మధ్య ఆటోలో వాణ్ణి ఒళ్ళో వేసుకుని దవాఖానకు పరుగెత్తాను. పక్కన ఐదేళ్ళ నా కూతురు తమ్ముడి కాలి బొటనవేలు పట్టుకుని కూర్చుంది.

సూది వేసి, వాడు కుదుటపడ్డాక, ఏమేం తిన్నాడో అన్నీ చెప్పించుకున్నాడు డాక్టరు. "పల్లీలు పూర్తిగా మానెయ్యండి. మళ్ళీ తింటే ప్రాణం మీదికి రావచ్చు" అన్నాడు. నా కూతురు నా కొంగు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. అది వింటోందన్న ధ్యాస ఎవరికీ లేదు.

ఆ సాయంత్రం మా ఆయన ఊరికి ఫోన్ చేసి చెబితే మా అత్తగారు నమ్మలేదు. "మన చేన్లో పండేదే మన పిల్లోనికి పడదంటే ఎట్ల? నిన్ను అవి పెట్టే కదా సాకినా" అందట. ఆయన ఆ మాట మోసుకొచ్చి నాకు చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. మాదాపూర్‌లో బండలు పేల్చి కడుతున్న అద్దాల మేడల్లో కరెంటు పనులు చేయించే మనిషి, వైరు తప్పుగా కలిపితే ఏమవుతుందో రోజూ పది మందికి చెప్పే మనిషి, ఇంటికొచ్చి "కొంచెం కొంచెం అలవాటు చేస్తేనో?" అన్నాడు. ఆ రాత్రి ఆయనకు అన్నం పెట్టాను గానీ మాట పెట్టలేదు.

నూనె డబ్బాను కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మకు ఇచ్చేశాను. ఎందుకిస్తున్నానో కూడా చెప్పాను. ఆమె ఊ కొట్టింది. వారం తిరగకుండా వాడు ఆకలంటే సర్వపిండి ముక్క పెట్టింది. నేను కిందికి ఉరికేసరికి వాడి మూతి వాచిపోయింది.

"పల్లీలన్ని ఏరేసే పెట్టిన బిడ్డా! జరంత పిండితోని ఏమైతది అనుకున్న. నా చేతులు ఇర్గిపోను" అని ఆమె ఏడుస్తూ మాతోపాటే ఆటో ఎక్కింది. తిట్టాలని నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగాను. ఏరేసినా సరే లోపల ఉంటుందని ఆమెకేం తెలుసు? నాకే తెలిసి ఎన్నాళ్ళయింది?

ఆనాటి నుంచి బయటి తిండి బంద్. అయితే పిల్లవాడి ఆకలికి ఆ సంగతి తెలియదు కదా. సందులో పిల్లలు ఏదైనా తింటుంటే గేటు పట్టుకుని వాళ్ళ నోళ్ళ వైపే చూస్తూ నిలబడేవాడు. ఆ చూపు చూడలేకపోయాను. వాడు ఇంకొకరి ప్లేటు వైపు చూడడం కాదు, వాడి ప్లేటు చూసి సందంతా నోరెళ్ళబెట్టాలని పంతం పట్టాను.

ఇక మొదలుపెట్టాను. రాగి దోసెను తొండంతో సహా ఏనుగులా పోశాను. అది ఏనుగని నేను చెబితేనే ఏనుగు, చెప్పకపోతే బర్రె. ఇడ్లీకి ఎండుద్రాక్ష కళ్ళు, క్యారెట్ ముక్కు పెట్టాను. రాత్రి మిగిలిన సంగటిని బిళ్ళలు చేసి పెనం మీద ఎర్రగా కాల్చి, మధ్యలో బెల్లం పెట్టి బండి చక్రాలన్నాను. ఉగ్గానిలో శెనక్కాయల బదులు పుట్నాలు వేసి కాగితం పొట్లాల్లో పోసి, ఇంట్లోనే బండి పెట్టినట్టు అరిచి అమ్మాను. చట్నీ నువ్వులతో, కొబ్బరితో చేశాను. పిల్లలిద్దరూ విరగబడి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. కానీ వాడు మింగే ప్రతి ముద్దా కిందికి దిగేదాకా నా ఊపిరి నాలో ఉండేది కాదు.

ఏది చేసినా ముందు ముక్క నా కూతురే కొరికేది. నమిలి, మింగి, అద్దం ముందుకు పోయి నిలబడేది. మూతి ఇటూ అటూ తిప్పి చూసుకుని, వేలితో పెదవులు తడుముకుని, అప్పుడు వచ్చి "ఇంగ తినురా" అని తమ్ముడి ముందుకు ప్లేటు జరిపేది. ఇప్పటి నుంచే ఈ సోకులేమిటని నేను మురిసిపోయాను. "కలెక్టరమ్మ సంతకం పెడితే గానీ ఫైలు కదలదు" అని వాళ్ళ నాన్న ఆట పట్టించేవాడు. నెలల తరబడి ఆ సంతకం సాగింది.

ఒకరోజు దానికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. బడి మానిపించి పడుకోబెట్టాను. సాయంత్రం వాడు ఆకలని కాళ్ళకు చుట్టుకుంటుంటే, కొబ్బరీ బెల్లం కూరి తాబేళ్ళలా కుడుములు చేసి ఆవిరి మీద ఉడికించాను. అక్క నిద్రపోతోంది కదా అని వాడి చేతికి ఒకటి ఇచ్చాను. అంతే, మంచం మీంచి లేచొచ్చి వాడి చేతిలోది లాగి కింద పడేసింది.

"నేనింకా తినల్యా! వానికి పెట్టద్దు!"

వాడు గుక్కపట్టాడు. నాకు కోపం నషాళానికంటింది. నేను అరిచేలోపే అది నేల మీది కుడుము తీసి నోట్లో కుక్కుకుంది. జ్వరం నోటికి అది లోపలికి పోలేదు. వాంతి చేసుకుంది. మూతి తుడుస్తుంటే నా చెయ్యి తోసేసి, తూలుకుంటూ అద్దం దగ్గరకు పోయింది.

"ఏముందే ఆ అద్దంలో?" అన్నాను.

"మూతి వాచల్యా మా. ఇంగ వానికి పెట్టు."

అక్కడే నేల మీద కూలబడ్డాను.

"నీకు వాచితేనో?" అని అడిగాను.

"నేను పెద్దదాన్ని కదా. నన్ను ఎత్తుకునే పని కూడా ల్యా. ఆటో కాడికి నడిచొస్తా."

అంతా ఆలోచించి పెట్టుకుంది. నేను తాబేళ్ళూ ఏనుగులూ చేసి నవ్విస్తున్నానని మురిసిపోతున్న ఇంట్లో, నా ఐదేళ్ళ పిల్ల ప్రతి పూటా చావుకు సిద్ధపడి మొదటి ముక్క కొరికింది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాను. వేరుశెనగ తమ్ముడికి మాత్రమే పడదనీ, తనకేమీ కాదనీ, ఇదివరకు తను ఎన్నో శెనక్కాయ ఉండలు తిన్నదనీ విడమరిచి చెప్పాను. అది వింది. ఊరట పడుతుందనుకున్నాను.

"అయితే ఇన్ని దినాలు నేను తిని చూసింది ఉత్తదేనా? వానికి ఏమన్నా అయిండేదా?" అంది.

దాన్ని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాను.

జ్వరం తగ్గాక ఒక పొద్దున దోసెలు పోశాను. ఇక మీదట ముందు ముక్క నాదేనని చెప్పి, ఇద్దరి ముందూ కూర్చుని కొరికాను. దానివల్ల తెలిసేదేమీ లేదని నాకూ తెలుసు, ఇప్పుడు దానికీ తెలుసు. వాడు ప్లేటు వైపు చెయ్యి చాపాడు. నా కూతురు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండురా" అని, నా పెదవుల వైపు చూస్తూ కూర్చుంది.