మగ్గం చప్పుడు మీద నేనన్న మాట

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి కౌంటర్లో పనిచేస్తాను నేను. గదులు ఖాళీ చేసేవాళ్ళ హడావిడి పొద్దున పదకొండింటికల్లా అయిపోతుంది. మళ్ళీ సాయంత్రం నాలుగింటిదాకా పెద్దగా పనుండదు. ఆ మధ్యలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వినడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. సినిమా పాటలు తక్కువే. తమ పాటలు తామే రాసుకుని, ఇంట్లోనే రికార్డు చేసి, తామే విడుదల చేసుకునేవాళ్ళవి ఎక్కువ వింటాను. అందులోనూ ర్యాప్. నలభై దాటినవాడు ర్యాప్ వినడమేమిటని మా ఓనరుగారు ఇప్పటికీ అడుగుతుంటారు.

కొన్నేళ్ళ కిందట ఒక లెక్చరర్ మా లాడ్జిలో దిగారు. గన్నవరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో కొత్తగా చేరారు. అద్దెకు ఇల్లు దొరికేదాకా పది రోజులు మా దగ్గరే ఉన్నారు. మూడో రోజో నాలుగో రోజో తాళం ఇవ్వడానికి వచ్చి, "ఏం వింటున్నారండీ?" అని అడిగారు. చెప్పాను. ఆయన తాళం చేతిలోనే ఉంచుకుని ఆ పాట ఎందుకు బాగాలేదో ఇరవై నిమిషాలు చెప్పారు. నేను ఒప్పుకోలేదు. అలా మొదలైంది.

ఆయనకు గుణదలలో ఒక మేడ మీద వాటా దొరికింది. కింద వాటాలో ఇంటావిడ ఉండేవారు. బ్యాంకు ఉద్యోగి, అప్పటికి రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. పైనుంచి రోజూ వినిపిస్తున్న ఆ చప్పుడేమిటో కనుక్కుందామని ఒకరోజు మెట్లెక్కి వెళ్ళారట. మూడు పాటలు కూర్చుని విని, "మాటలు సరిగా వినపడట్లేదు, రాసివ్వండి" అన్నారట. ఆ తర్వాత మా ముగ్గురిలో మాటల్ని అందరికంటే జాగ్రత్తగా పట్టుకునేది ఆవిడే అయ్యారు. ఏ పదం ప్రాస కోసం వచ్చిందో, ఏది చెప్పాల్సి ఉండి వచ్చిందో ఆవిడకు ఇట్టే తెలిసిపోయేది.

మా ముగ్గురికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. శుక్రవారం కొత్త పాటలు వస్తాయి. ఆదివారంలోపు ఒక్కొక్కరం వాయిస్ మెసేజ్ పెట్టాలి. రెండుసార్లు వినకుండా ఎవరూ మాట్లాడకూడదన్నది ఆవిడ పెట్టిన నియమం. కొన్నాళ్ళకు లెక్చరర్‌గారు మా మాటల్ని కత్తిరించి అందరూ వినేలా ఒక పేజీలో పెట్టడం మొదలుపెట్టారు. మొదట్లో ఆయన విద్యార్థులే వినేవారు. తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా వచ్చారు. పాటలు కట్టేవాళ్ళు కొందరు తమ పాట గురించి చెప్పమని అడిగేవారు. నాకది నచ్చేది. కౌంటర్ వెనక కూర్చునేవాడి అభిప్రాయం కోసం ఎవరో ఎదురుచూడటం నాకు కొత్త.

ఒక శుక్రవారం పెడన నుంచి ఒక అమ్మాయి పాట వచ్చింది. ఆమెకది మొదటి పాట. చిన్నప్పుడు మగ్గం పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకోవడం, రంగు అంటిన చేతులు చూసి క్లాసులో ఎవరో నవ్వడం, ఆ చేతుల్ని బెంచీ కింద దాచుకోవడం, ఇదంతా ర్యాప్‌లో చెప్పింది. చివర ఒక నిమిషం మాటల్లేవు. మగ్గం చప్పుడు ఒక్కటే. అది మా అమ్మ మగ్గం, మా ఇంట్లోనే రికార్డు చేశాను అని పాట కింద రాసుకుంది.

లెక్చరర్‌గారికి బాగా నచ్చింది. బ్యాంకు మేడమ్‌గారు బెంచీ కింద చేతులు దాచుకున్న చోట పాట ఆపి, కాసేపటికి మళ్ళీ పెట్టుకున్నానని చెప్పారు. ఇక నా వంతు.

మాది నేత కుటుంబం. మచిలీపట్నం వైపు ఊరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న మగ్గం తీసేసి బెజవాడలో చీరల షాపులో పనికి కుదిరాడు. ఆ చప్పుడు వింటూ పెరిగాను కాబట్టి నాకు తెలియంది ఏముంటుందనుకున్నాను. రెండుసార్లు విన్నాను, నియమం ప్రకారమే. విని ఇలా అన్నాను.

"చేత్తో నేసే మగ్గంలో అడ్డదారం మోసే నాడె ఒకసారి అటునుంచి ఇటు వస్తే పలక ఒక్క దెబ్బే కొడుతుందండీ. దారాన్ని దగ్గరకు జరపడానికి ఆ ఒక్కటీ చాలు. ఇందులో ప్రతిసారీ రెండు దెబ్బలు పడుతున్నాయి. నేను నేతగాడి కొడుకుని, నాకు తెలుసు. ఇది పవర్‌లూమ్ అయినా అయ్యుండాలి, కంప్యూటర్లో అతికించిందైనా అయ్యుండాలి. పాట బాగుంటే బాగుండొచ్చు. కానీ అమ్మ మగ్గం అని చెప్పి మనల్ని ఏడిపించడం సరికాదు."

మేడమ్‌గారు వెంటనే ఫోన్ చేశారు. "మీరు చప్పుడు గురించి మాట్లాడారు, పాట గురించి మాట్లాడలేదు" అన్నారు.

"చప్పుడు అబద్ధమైతే పాట కూడా అబద్ధమే కదండీ" అన్నాను.

"అమ్మాయిని అడిగారా?"

"వినేవాళ్ళం అడగాలా?"

ఆవిడ ఫోన్ పెట్టేశారు. లెక్చరర్‌గారు నా మాటల్ని పేజీలో పెట్టేశారు. మేం పెట్టినవాటిలో అంతమంది విన్నది అదొక్కటే. మగ్గం ముక్క మాత్రం కత్తిరించుకుని, పక్కన నా గొంతు చేర్చి, ఎవరెవరో పంచుకున్నారు. పాట కింద ఆ అమ్మాయిని దొంగ అన్నారు. అమ్మను అమ్ముకుంది అని కూడా ఒకరు రాశారు. అవన్నీ చదివాను. కొంచెం ఎక్కువైందనిపించింది. కానీ నేనన్నది తప్పనిపించలేదు. ఆమె జవాబు ఇవ్వకపోవడంతో నా నమ్మకం ఇంకా గట్టిపడింది.

నెల తర్వాత ఆమె దగ్గర్నుంచి నాకు విడిగా మెసేజ్ వచ్చింది. "నమస్తే అండీ. మీరొకసారి మా ఇంటికి రాగలరా? మధ్యాహ్నం మూడింటిలోపైతే అమ్మ మగ్గం మీద ఉంటుంది. మీరు అన్నదాని గురించి అమ్మకు తెలియదు. దయచేసి ఆమె ముందు అనొద్దు." కోపంగా ఒక్క మాట లేదు. నాలుగు రోజులు జవాబివ్వలేదు. తర్వాత మేడమ్‌గారికి చూపించాను. "ఆదివారం వెళ్దాం, నేనూ వస్తాను" అన్నారు.

పొద్దున బందరు రైలెక్కాం. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని గుడివాడ దాకా నిద్రపోయారు. గుడివాడ దాటాక లేచి, డబ్బాలోంచి పులిహోర తీసి నాకు సగం పెట్టారు. "పవర్‌లూమే అయితే ఏం చేస్తారు?" అని అడిగారు.

"ఏం చేస్తాను, వచ్చేస్తాను."

"కాకపోతే?"

నేను పులిహోర తినడం మొదలుపెట్టాను.

ఆ అమ్మాయి స్టేషనుకు వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. మొహాన చెమట తుడుచుకుంటూ, "ఎండలో వచ్చారు, నడవగలరా ఆంటీ?" అని మేడమ్‌గారినే అడిగింది. నావైపు చూసి తల ఊపింది, అంతే. వీధి మలుపులోనే మగ్గం వినపడింది. నాడె చప్పుడు, ఆ వెంటనే రెండు దెబ్బలు. మళ్ళీ నాడె, మళ్ళీ రెండు దెబ్బలు. పాటలో విన్నదే. నేను నడక తగ్గించాను. మేడమ్‌గారు నావైపు చూడలేదు, అది గుర్తుంది.

ముందుగదిలో, నేలలో గుంట తీసి బిగించిన గుంట మగ్గం. దానిమీద కూర్చున్న ఆమె వయసు దాదాపు నా వయసే. "పాట విని వచ్చారమ్మా, బెజవాడ నుంచి" అంది కూతురు. ఆమె నేత ఆపి, సిగ్గుపడుతున్నట్టు నవ్వి, "దాని పాట వినడానికి ఇంత దూరం వచ్చారా? కూర్చోండి బాబూ" అంది. మంచినీళ్ళిచ్చారు. నాది కూడా నేత కుటుంబమేనని మేడమ్‌గారు చెప్పారు, ఎందుకు చెప్పారో మరి.

"ఏ ఊరండీ?" అందామె. చెప్పాను. "మీ నాన్నగారు ఎన్నో నంబరు నూలు నేసేవారు?"

తెలియదన్నాను.

"చీరలా, పంచెలా?"

చీరలనుకుంటాను అన్నాను. అనుకుంటాను అన్న మాట ఆ గదిలో నాకే వింతగా వినిపించింది. ఆమె మళ్ళీ పని మొదలుపెట్టింది. ఆమె ఎదురుగా కూర్చుని చూశాను. కుడిచేత్తో తాడు లాగుతోంది, నాడె దూకుతోంది. ఎడమచేత్తో పలకను రెండుసార్లు, చిన్నగా, మీదికి లాక్కుంటోంది. రెండోసారి లాగేటప్పుడు భుజాన్ని మెడవైపు కొంచెం ఎత్తుతోంది.

"రెండుసార్లు కొడుతున్నారేంటండీ?" అని అడిగాను.

"భుజానికి ఆపరేషన్ అయింది బాబూ. అప్పట్నుంచి ఒక్క దెబ్బకి బలం చాలట్లేదు. ఒక్కటే కొడితే గుడ్డ పల్చబడుతుంది. అందుకని రెండు చిన్న దెబ్బలు వేస్తున్నా. రోజుకి కొంచెం తక్కువ నేత పడుతుంది, అంతే."

మేడమ్‌గారు ఆమెతో ఆపరేషన్ గురించి మాట్లాడుతూ కూర్చున్నారు. నేను బయటకు వచ్చాను. అరుగు మీద ఆ అమ్మాయి ఉంది.

"అప్పుడే ఒక వీడియో పెట్టేస్తే అయిపోయేది కదమ్మా" అన్నాను. నా తప్పులో కొంత ఆమె మీదకు నెట్టేద్దామనే అడిగానేమో.

"వీడియో పెడితే రెండు దెబ్బలెందుకో చెప్పాలి కదండీ. నూలిచ్చే షావుకారుకి అమ్మ భుజం సంగతి తెలియదు. తెలిస్తే మంచి చీరల పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడు. పాటదేముంది, ఇంకోటి రాసుకుంటాను."

"మరి నన్నెందుకు పిలిచావు?"

"అన్నది మీరు. మీకైనా తెలియాలనిపించింది" అంది.

క్షమించమని అడిగాను. "సరేనండీ" అంది. సరే అన్నదంటే క్షమించిందో, విన్నానని చెప్పిందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఏం చెప్పాలో ఫోన్లో నాలుగుసార్లు రికార్డు చేసి, నాలుగుసార్లూ చెరిపేశాను. చివరికి పెట్టింది ఇది: "నేను పొరపాటు పడ్డాను. వెళ్ళి నా చెవులతో విన్నాను. అది చేతి మగ్గమే. అది ఆ అమ్మాయి వాళ్ళమ్మగారిదే. రెండు దెబ్బలకు కారణం ఉంది, దాన్ని నేను చెప్పలేను. నేతగాడి కొడుకుని అని నేను చెప్పుకోవాల్సింది కాదు. మగ్గం వదిలిన తర్వాత పుట్టినవాడికి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు."

దాన్ని విన్నవాళ్ళు తక్కువ. విన్నవాళ్ళలో కొందరు నమ్మలేదు. కారణం చెప్పలేనంటున్నాడంటే అమ్ముడుపోయాడని రాశారు. పిల్లది ఏడిస్తే కరిగిపోయాడని ఇంకొకరు రాశారు. పాత క్లిప్పును లెక్చరర్‌గారు తీసేశారు. అప్పటికే అది వేరే చోట్ల తిరుగుతోంది, ఇప్పటికీ అప్పుడప్పుడు కనిపిస్తుంది. తనదీ తప్పేనని ఆయన ఒకసారి అన్నారు. మేం పెడన వెళ్ళొచ్చిన రెండో నెలలో పేజీ మూసేద్దామా అని అడిగారు. మేడమ్‌గారు వద్దన్నారు. "తప్పు చెప్పినందుకు మూసేస్తే, ఇంతవరకు చెప్పినవన్నీ ఒప్పులే అనుకుంటారు. ఉండనివ్వండి" అన్నారు.

ఆ అమ్మాయి ఏడాది దాకా ఏమీ విడుదల చేయలేదు. ఆ ఏడాదిలోనే వాళ్ళమ్మగారు మగ్గం మానేశారు. ఇప్పుడు ఇంట్లోనే వేరే నేతగాళ్ళకు నూలు కండెలు చుట్టి ఇస్తున్నారు. భుజం సంగతి దాచాల్సిన పని ఇక లేదని, కావాలంటే రాసుకోవచ్చని ఆ అమ్మాయి చెప్పాకే ఇది రాస్తున్నాను. ఆమెకు విజయవాడలోనే ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో ఉంటుంది. ఒకట్రెండుసార్లు గుణదల వెళ్ళి మేడమ్‌గారి దగ్గర భోజనం చేసిందట. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఈ మధ్య ఆమె రెండో పాట వచ్చింది. సిటీ బస్సులో నిలబడి ఆఫీసుకు వెళ్ళడం గురించి. వెనక గిటారు, కొంచెం డ్రమ్స్, ఇంకేమీ లేవు. విడుదలకు ముందురోజు మా ముగ్గురికీ పంపి, "మామూలుగా ఎలా చెబుతారో అలాగే చెప్పండి" అని రాసింది. మెచ్చుకుని ఊరుకోవడం నాకు తేలికయ్యేది. కౌంటర్లో కూర్చుని రెండుసార్లు కాదు, ఐదుసార్లు విన్నాను. మొదటి భాగం బాగుంది. కండక్టర్ గొంతును అనుకరించిన చోట నవ్వొచ్చింది. రెండో భాగంలో మాటలు తొందరపడ్డాయి, పల్లవి అవసరానికంటే రెండుసార్లు ఎక్కువ వచ్చింది. ఆ మాటే చెప్పాను. ఈసారి పేజీలో పెట్టకముందు ఆమెకు పంపాను.

సాయంత్రం జవాబొచ్చింది. "పల్లవి విషయంలో ఒప్పుకుంటున్నానండీ, ఒకటి తగ్గిస్తాను. రెండో భాగం తొందర కావాలనే పెట్టాను. ఆఫీసు టైంలో బస్సు దొరకదు. మీరు పొద్దున ఎనిమిదింటికి బెంజ్ సర్కిల్ దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా?"

నిలబడలేదని రాశాను.