దొడ్డమ్మ తెచ్చిన ఇనపకర్రలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో గోల్ఫ్ ఆడేవారంటే ఇప్పుడెవరూ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి గానీ, ఆడేవారు. రెండో పంట దాళ్వా కోతలు అయిపోయి, కాలవలు కట్టేసి, చేలు ఎండి బీటలు తీసే ఆ నెలా నెలన్నరా మా కొత్తపేట వైపు పొలాలే వాళ్ళ మైదానం. ఆ ఆటని మా ఊరికి తెచ్చింది మా దొడ్డమ్మ. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండే సంగతి జరిగింది కూడా ఆ చేలల్లోనే.

దొడ్డమ్మ మా అమ్మకి అక్క. మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా చేసి, పెదనాన్నగారు పోయాక, తొంభైల మొదట్లో ఉద్యోగం చాలించుకుని వచ్చి మా వీధిలోనే ఇల్లు కట్టుకుంది. గల్ఫు నుంచి వచ్చినవాళ్ళ పెట్టెల్లో ఏముంటాయో మా కోనసీమలో పసిపిల్లలకి కూడా తెలుసు. టేప్ రికార్డరు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, మెరిసే చీరలు. ఆవిడ అవన్నీ తెచ్చింది. వాటితో పాటు కారు డిక్కీలోంచి పొడుగాటి తోలుసంచీ ఒకటి దింపింది. అందులో ఉన్నవి చూసి చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు. "ఇన్నేళ్ళూ అక్కడ చేసి ఈ ఇనపకర్రలా అండీ తెచ్చుకున్నారు?" అని ఒకావిడ మొహం మీదే అడిగింది. దొడ్డమ్మ నవ్వేసి, "ఆయ్, ఇవేనండి" అంది.

అక్కడ గడ్డి మొలవదు కాబట్టి ఎడారి ఇసకలోనే ఆడేవారట. బంతి ఎక్కడ పడితే అక్కడ చిన్న ప్లాస్టిక్ గడ్డి చాప పరుచుకుని దాని మీద నుంచి కొట్టేవారట. ఆసుపత్రిలో పెద్ద నర్సుగా ఉండే ఒక దొరసాని దొడ్డమ్మకి ఆ ఆట నేర్పి, తన దేశం వెళ్ళిపోతూ ఐరన్లనే తన ఇనపకర్రలు ఇచ్చి వెళ్ళిందట. ఆ గడ్డి చాప కూడా మా ఊరు వచ్చింది. ఎండాకాలం సాయంత్రాలు దొడ్డమ్మ చీర కొంగు నడుముకి బిగించి, చేలో చాప పరిచి, బంతి కొడుతూ ఉంటే ఊరంతా గట్ల మీద నిలబడి చూసేది. మొదటి ఏడు నవ్వారు. రెండో ఏడు అలవాటు పడ్డారు.

ఆ రెండో ఏడే మరో ఇద్దరు తోడయ్యారు. ఒకరు అమలాపురంలో పళ్ళ డాక్టరుగారు. పై చదువుకి ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఈ ఆట నేర్చుకున్నారట. ఇంకొకరు గ్యాస్ బావులు తవ్వే కంపెనీలో ఇంజనీరుగారు. ఆదివారం నాలుగు గంటలకి ఇద్దరూ తమ మగపిల్లల్ని వెంటబెట్టుకుని కార్లలో వచ్చేవారు. మా నాన్నకి ఆట రాదు. బొండాలు దింపించి, గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చునేవాడు.

వాళ్ళు ఆడిన ఆట కంటే ఐరన్ల గురించి పడిన వాదన ఎక్కువ. దొడ్డమ్మవి పాతకాలపు బ్లేడ్లు. ఇనుముని కాల్చి, సమ్మెట దెబ్బలతో సాగగొట్టి చేసినవి. తల చిన్నది, వీపు చదును, అంచు పల్చన. సరిగ్గా నడిమధ్య తగిలితే బంతి ఎంత దూరమైనా పోతుంది. ఒక్క వేలెడు పక్కకి తగిలిందా, బంతి నాలుగడుగుల్లో పడి, చేతులు మోచేతుల దాకా జివ్వుమంటాయి. డాక్టరుగారు సింగపూరు నుంచి తెప్పించుకున్నవి పోత పోసినవి. తల వెడల్పు, వెనక గుంట, బరువంతా చుట్టూ అంచులకి సర్ది ఉంటుంది. ఎక్కడ తగిలినా బంతి ఎంతో కొంత ముందుకే పోతుంది.

"ఆట సరదా కోసం అండీ సిస్టరుగారూ, శిక్ష కోసం కాదు కదా," అనేవారు డాక్టరుగారు. ఇంజనీరుగారిది ఇంకో మాట. "బ్లేడ్ల అందం దేనికీ రాదండి. కాకపోతే అవి ఛాంపియన్లకి. మనలాంటివాళ్ళు గోడకి తగిలించుకుని చూసుకోవాలంతే." దొడ్డమ్మ వాదించేది కాదు. "డాక్టరుగారి మోచేతికి నొప్పండి, వారికి అవే సరైనవి. నాకు మాత్రం తప్పు కొట్టేనని నా చేతికి తెలియాలండి" అని ఊరుకునేది. వింటున్న నాకు ముగ్గురూ చెప్పేదీ నిజమేననిపించేది. ఇప్పటికీ ఐరన్ల విషయంలో నేను ఎవరినీ తప్పు పట్టను. నాకు కోపం వచ్చింది ఐరన్ల మీద కాదు.

ఆ వేసవిలో నాకు పన్నెండో పదమూడో. దొడ్డమ్మ నాకు కొట్టడం నేర్పుతోంది. ఒక ఆదివారం పిల్లలకి పోటీ పెడదామన్నారు ఇంజనీరుగారు. వాళ్ళ అబ్బాయి, డాక్టరుగారి అబ్బాయి, నేను. ఎవరి బంతి తక్కువ దెబ్బల్లో చేను చివర పాతిన పాలడబ్బాలో పడితే వాళ్ళు గెలిచినట్టు. మగపిల్లలిద్దర్నీ కాలవ గట్టు దగ్గర నిలబెట్టి, నన్ను మాత్రం రెండు మళ్ళు ముందుకి తీసుకెళ్ళారు. నా చేతిలోంచి దొడ్డమ్మ ఐరను లాక్కుని డాక్టరుగారు తమది పెట్టారు.

"పిల్లని వాళ్ళతో పాటు అక్కడ్నుంచే కొట్టనివ్వండి," అంది దొడ్డమ్మ.

"ఎందుకండీ వదినగారూ, ఆడపిల్లకి ఆ మాత్రం చాలండీ," అన్నాడు మా నాన్న, బొండాం చెక్కుతూ. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అదేదో ముద్దు మాట అనుకున్నాను.

నేనే గెలిచాను. చప్పట్లు కొట్టారు. డాక్టరుగారు రంగుల పెన్నుల పెట్టె బహుమతిగా ఇచ్చారు. మా అమ్మ దాన్ని అద్దాల బీరువాలో పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

పోటీ మర్నాడు సాయంత్రం దొడ్డమ్మ నన్ను చేలోకి తీసుకెళ్ళింది. డాక్టరుగారి ఐరను ఒకటి అడిగి ఉంచుకుందట, అదీ తెచ్చింది. జాకెట్టుకి దోపుకున్న చేతిరుమాల్లోంచి మొహానికి రాసుకునే పౌడరు తీసి, ఆ ఐరను మొహం నిండా పల్చగా అద్ది, కొట్టమంది. కొట్టాను. బంతి బాగానే పోయింది. ఐరను తిప్పి చూపించింది. పౌడరు చెరిగిన గుర్తు ఒక మూల ఉంది. మళ్ళీ పౌడరు అద్దింది. ఈసారి గుర్తు ఇంకో మూల. ఎన్నిసార్లు కొట్టినా నడిమధ్య ఒక్కటీ తగల్లేదు. అయినా ప్రతి బంతీ ముందుకే పోయింది. తర్వాత తన బ్లేడు ఇచ్చింది. ఒక్క దెబ్బకే చేతులు మొద్దుబారిపోయాయి. బంతి నా కాళ్ళ ముందే పడింది.

నాకు ఏడుపొచ్చింది. ఐరను నేలకేసి కొట్టి, "నువ్వు నన్ను ఏడిపించడానికే తీసుకొచ్చావు. నేను గెలిస్తే నీకు కుళ్ళు" అన్నాను. ఇంకొకరైతే చెంప మీద ఒకటి ఇచ్చేవారు. దొడ్డమ్మ ఐరను తీసి, దానికంటిన మట్టి కొంగుతో తుడుచుకుంటూ, "నిన్న వాళ్ళెక్కడ నిలబడ్డారే? నువ్వెక్కడ నిలబడ్డావు?" అంది.

కాలవ గట్టు వైపు చూశాను, రెండు మళ్ళ ముందు నేను నిలబడ్డ చోటు చూశాను. అప్పుడెక్కింది నాకు. నేను గెలవలేదు. నన్ను గెలిపించారు. నేను ఓడిపోతానని ముందే తీర్మానం చేసుకుని, అది నాకు తెలియకుండా ఉండడానికి చప్పట్లు కొట్టారు. నా మీద అందరికీ ప్రేమే. ఆ ప్రేమే నన్ను ఎక్కువ మండించింది. తిట్టినవాళ్ళ మీద తిరగబడొచ్చు. ముద్దు చేసి తక్కువ చేసేవాళ్ళని ఏం చెయ్యాలి?

"మరి నిన్ననే ఎందుకు చెప్పలేదు దొడ్డమ్మా?" అనడిగాను.

"నిన్న నవ్వుతున్నావు కదే. ఒక్కరోజు నవ్వుకుంటే నాదేం పోయింది?" అంది.

ఆ వేసవంతా బ్లేడుతోనే కొట్టాను. పట్టు కిందకి జార్చి పట్టుకుంటే గానీ ఆ కర్ర నాకు అందేది కాదు. అరచేతులు పొక్కులెక్కి చితికాయి. మా అమ్మ నెయ్యి రాస్తూ దొడ్డమ్మని తిట్టేది. బంతులు నేల బీటల్లో పడిపోతే కొబ్బరీనెతో కెలికి తీసుకునేదాన్ని. దొడ్డమ్మ ఒక్కనాడూ శభాష్ అనలేదు, ఛీ అనలేదు. ప్రతి దెబ్బకీ "ఎక్కడ తగిలింది?" అని మాత్రం అడిగేది. నేను కళ్ళు మూసుకుని, చేతుల్లో తెలిసిన దాన్ని బట్టి చెప్పాలి. బొటనవేలు జివ్వుమంటే లోపలి అంచు. మణికట్టు మెలిపడితే బయటి అంచు. నెమ్మదిగా చేతులకి మాటలొచ్చాయి.

కాలవలకి నీళ్ళొదులుతారనగా ఆఖరి ఆదివారం మళ్ళీ పోటీ పెట్టారు. ఇంజనీరుగారు అలవాటుగా నన్ను ముందు మడిలోకి నడవమన్నారు. నేను కదల్లేదు. కాలవ గట్టు దగ్గరే మగపిల్లల పక్కన నిలబడి, దొడ్డమ్మ బ్లేడు తీసుకున్నాను.

"ఎందుకమ్మా, చేతులు పాడవుతాయి," అన్నారు డాక్టరుగారు. నిజంగా బాధపడుతూనే అన్నారు.

"పాడైతే అవుతాయండి. నాకు ఉత్తి గెలుపు ఇవ్వకండి," అన్నాను.

పెద్దవాళ్ళతో అలా మాట్లాడ్డం మా ఇంట్లో అలవాటు లేదు. నాన్న గొడుగు కింద నుంచి లేచాడు. దొడ్డమ్మ చెయ్యెత్తి, "ఉండండి మరిదిగారూ," అంది. అంతే, ఆయన కూర్చున్నాడు.

ఇక్కడ నేను గెలిచానని చెప్తే కథ బాగుంటుంది. గెలవలేదు. చిత్తుగా ఓడిపోయాను. మొదటి దెబ్బకి మట్టిబెడ్డ లేచింది గానీ బంతి లేవలేదు. రెండోది గట్టుకి తగిలి వెనక్కొచ్చింది. మూడో దెబ్బ కొట్టినప్పుడు మాత్రం చేతుల్లో ఏమీ తెలియలేదు. కర్ర ఊపానన్న సంగతే తెలియలేదు. బంతి కొబ్బరిచెట్ల మొవ్వులంత ఎత్తు లేచి, ఆ మగపిల్లలిద్దరి బంతులూ దాటి పడింది. తర్వాత దెబ్బలు మళ్ళీ మామూలే. డాక్టరుగారి అబ్బాయి డబ్బాలో బంతి వేసి గెలిచేసరికి నేనింకా మడి మధ్యలో ఉన్నాను.

నాన్న దగ్గరికొచ్చి తల నిమిరాడు. "పోన్లే అమ్మా, ఆడపిల్లవి, ఆ మాత్రం…" అనబోయాడు.

"ఆ మాత్రం చాలదు నాన్నా," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాన్న చెయ్యి నా తల మీదే ఆగిపోయింది. ఆయన ఆ మాట మళ్ళీ నా దగ్గర ఎప్పుడూ అనలేదు. ఆ సాయంత్రమే అద్దాల బీరువా తీయించి, పెన్నుల పెట్టె పట్టుకెళ్ళి, కారెక్కబోతున్న డాక్టరుగారి అబ్బాయి చేతిలో పెట్టాను. వాడు మూత తీసి చూసి, "ఎర్ర పెన్నులో ఇంకు అయిపోయింది కదా," అన్నాడు. అయిపోయిన మాట నిజమే, అమ్మ చూడనప్పుడు తీసి రాసేదాన్ని.

తర్వాత నేను ఇంజనీరింగు చదివి కరెంటు శాఖలో చేరాను. మొదటి రోజుల్లోనే పై అధికారి ఒకాయన చాలా ప్రేమగా, "మేడమ్, మీరు లైన్ల మీదకి వెళ్ళక్కర్లేదండి, ఆఫీసులో కూర్చోండి చాలు" అన్నాడు. నాతో పాటు చేరిన అమ్మాయి సరేనంది. కొన్నేళ్ళకి ప్రమోషన్లు వచ్చినప్పుడు అదే పెద్దమనిషి, "ఆవిడకి ఫీల్డు అనుభవం లేదు కదండీ" అని ఆ అమ్మాయి పేరు కొట్టేశాడు. కూర్చోమన్నదీ వాళ్ళే, కూర్చున్నందుకు తప్పు పట్టిందీ వాళ్ళే! నేను మాత్రం మొదటి వారంలోనే హెల్మెట్టు పెట్టుకుని తుఫాను గాలికి తెగిన లైను దగ్గరికి వెళ్ళాను. వెళ్ళి తప్పులు చేశాను, అందరి ముందూ చేశాను, నేర్చుకున్నాను.

ఇప్పుడు జుట్టు నెరిసింది. దొడ్డమ్మ లేదు. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే వెంటనే పొంగిపోవడం నాకు చేతకాదు. ఈ మెప్పు నా పనికా, నా మీద జాలికా అని ఒక్క క్షణం ఆగి చూసుకుంటాను. జాలి అని తేలిందా, ఆ పన్నెండేళ్ళ పిల్ల కోపం ఇప్పటికీ అలాగే లేస్తుంది. ఈ వయసులో అంత కోపం మంచిది కాదండీ, కాస్త తగ్గించుకోండి అని చాలామంది హితవు చెప్తారు. నాకు మా దొడ్డమ్మ ఇచ్చి వెళ్ళిన ఆస్తి అదొక్కటే. తగ్గించుకోను.