కళ్ళజోళ్ళ మామయ్య ఇంటర్వ్యూలు

మా చిన్నమామయ్యకు ఒక్కటే జబ్బు. ఎదుట మనిషి కనిపిస్తే చాలు, ఇంటర్వ్యూ చేసేస్తాడు. తాగుడైతే మాన్పించవచ్చు, పేకాటైతే ముక్కలు దాచేయవచ్చు. మనుషులను ఎక్కడని దాస్తాం?

బస్సెక్కితే కండక్టరును పట్టుకుంటాడు. "ఈ ఉద్యోగమే ఎందుకు ఎంచుకున్నారు?"

"టికెట్ తీసుకోండి."

"తీసుకుంటాను. ఒత్తిడిలో మీరెలా పని చేస్తారు?"

"దిగండి!"

మామయ్య దిగిపోతూ కూడా, "సూటిగా మాట్లాడతాడు, మంచి లక్షణం," అని మెచ్చుకుంటాడు.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. నోరు తెరవమంటే తెరిచి, "వృత్తిలో మీకు ఎదురైన పెద్ద వైఫల్యం ఏమిటి?" అని అడిగాడు. ఆ డాక్టరు నిజాయితీపరుడు. దాపరికం లేకుండా చెప్పాడు. మామయ్య ఆ పన్నుతోనే ఇంటికి వచ్చేశాడు.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. గోడ నిండా ఫ్రేములు, మధ్యలో చిన్న బల్ల, దానికి అటో కుర్చీ ఇటో కుర్చీ. వచ్చినవాళ్ళకు ముందు గ్లాసుతో మంచినీళ్ళు ఇస్తాడు. ఇక మొదలు.

"కూర్చోండి. మీ గురించి చెప్పండి."

"జోడు కావాలండీ."

"అది తర్వాత. మీ బలహీనత ఏమిటి?"

"దూరంగా ఉన్నవి కనపడవు. అందుకేగా వచ్చింది!"

"ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"ముందు అద్దాలు పెట్టండి, చూసి చెప్తాను."

ఇలాంటి దుకాణానికి ఎవరు వస్తారా అనుకుంటాం. వచ్చేవారు. కొందరైతే చూపు శుభ్రంగా ఉండి కూడా వచ్చి కూర్చునేవారు. ఇంట్లో తమ గురించి చెప్పమని అడిగే దిక్కు ఉండొద్దూ!

మా అమ్మ ఆయనకు అక్క. "మా తమ్ముడికి కళ్ళజోళ్ళు అమ్మడం వచ్చు, నోరు మూసుకోవడం రాదు," అనేది. నేను సరిగ్గా దీనికి తలకిందులు. చదువులో ముందుండేదాన్ని గానీ, కొత్తవాళ్ళు ఎదురుగా కూర్చుంటే గొంతుకు తాళం పడిపోయేది. కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షకు బయటినుంచి వచ్చినాయన నా పేరు అడిగితే, హాల్ టికెట్ తిప్పి చూసుకున్నాను. ఆయన జాలిపడి, "తొందరేం లేదమ్మా," అన్నాడు.

చదువు ఆఖరి సంవత్సరంలో ఉండగా, లిఫ్టులు తయారుచేసే ఒక పెద్ద కంపెనీ నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. అమ్మ తన మాట ముందే చెప్పేసింది.

"ఉద్యోగం వస్తే వెళ్ళు. రాకపోతే మామయ్య దుకాణంలో కూర్చుని అద్దాలు తుడువు. నీడపట్టున పని."

అద్దాలు తుడవడానికి నాకేమీ నామోషీ లేదు. కానీ బతికినన్నాళ్ళూ పొద్దున్నే మామయ్య ఎదురుగా కూర్చుని నా గురించి చెప్పుకోవాలన్న ఊహకే ఒళ్ళు చల్లబడింది. ఆ భయంతోనే నేను లిఫ్టుల మీద ఉన్న పుస్తకాలన్నీ నమిలేశాను.

"పుస్తకం సరే, నోటి సంగతేంటి?" అన్నాడు మామయ్య. "రేపు దుకాణానికి రా. ప్యానెల్ ఏర్పాటు చేస్తాను."

"నాకు మనుషులంటేనే భయం మామయ్యా."

"అందుకే నిన్ను చూడలేని మనుషుల్ని ఏర్పాటు చేస్తున్నా."

నాకు అర్థం కాలేదు. వెళ్ళాక అర్థమైంది. దుకాణం పక్కనే కళ్ళ డాక్టరు గది. ఆయన పరీక్షకు ముందు చుక్కలు వేసి, కళ్ళు మూసుకుని కూర్చోమనేవాడు. అలా కూర్చున్నవాళ్ళను మామయ్య చెయ్యి పట్టుకుని తెచ్చి, మా బల్లకు అవతల వరసగా కుర్చీలు వేసి కూర్చోబెట్టాడు. ఒక పెద్దావిడ, ఒక తాపీమేస్త్రీ, ఒక సంగీతం మాస్టారు. ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకుని, నా జవాబు కోసం ధ్యానంలో ఉన్నట్టు కూర్చున్నారు.

"నీ గురించి చెప్పమ్మా," అంది పెద్దావిడ.

చెప్పాను! పేరు, చదువు, లిఫ్టు పనిచేసే పద్ధతి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"గొంతు బాగుంది," అంది ఆవిడ. "ఏం చెప్పిందో మాత్రం తెలీలా."

"శ్రుతి కాస్త పెంచాలి," అన్నాడు మాస్టారు.

"నాకు తెలిసింది. లిఫ్టుకి అవతల బరువు కట్టాలి, అంతేగా అమ్మాయ్?" అన్నాడు మేస్త్రీ. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాతి వారం మామయ్య ప్యానెల్‌కు కళ్ళు తెరిచే అనుమతి ఇచ్చాడు. చుక్కల మందు వల్ల వాళ్ళకు నేను మసకమసకగా కనిపిస్తానని, ముఖంలో భయం ఆనదని భరోసా కూడా ఇచ్చాడు. ఆ పై వారం కొత్త జోళ్ళు పెట్టుకుని, ప్రపంచమంతా స్పష్టంగా కనిపిస్తోందని సంబరపడుతున్నవాళ్ళను కూర్చోబెట్టాడు. వాళ్ళు నా ముఖం మీది మొటిమలతో సహా చూశారు. అప్పటికి నాకు అలవాటైపోయింది.

ఇంటర్వ్యూ రోజున మామయ్య నాకంటే ముందే తయారయ్యాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, నున్నగా దువ్విన జుట్టు.

"నువ్వెందుకు మామయ్యా?"

"తోడు."

"అక్కడ ఎవర్నీ ఏమీ అడగకూడదు."

"నేనెందుకు అడుగుతానే!"

లిఫ్టుల కంపెనీలో ఆ రోజు లిఫ్టు పనిచేయలేదు. మెట్లెక్కి పైకి చేరేసరికి హాల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అందరూ గోడ వైపు చూస్తూ పెదవులు కదుపుతున్నారు. పలకరింపు లేదు, నవ్వు లేదు. మామయ్య కాసేపు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తర్వాత పక్కనున్న పొడుగాటి అబ్బాయి వైపు తిరిగాడు.

"మీ బలహీనత ఏమిటి?"

"నాకు బలహీనతలు లేవండీ."

"అదే మొదటిది."

హాలంతా ఉలిక్కిపడింది. ఆ అబ్బాయి ముందు కందగడ్డలా ఎర్రబడి, తర్వాత నవ్వేశాడు. ఇంకో అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. చూస్తూండగానే మామయ్య చుట్టూ గుంపు చేరింది. ఒకరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చెప్తున్నాడు, ఒకరికి తెలియనిది తెలియదని ఎలా చెప్పాలో చెప్తున్నాడు. నేను ఆయన చొక్కా పట్టి లాగాను.

"మామయ్యా, వీళ్ళంతా నాకు పోటీ!"

"అయితే?"

"వాళ్ళకి నేర్పిస్తే నాకెలా వస్తుంది?"

"నోరు పెగలని వాళ్ళ మీద గెలిస్తే ఏం గొప్పే? కూర్చో. మీరు చెప్పండి బాబూ, ఏదో అంటున్నారు..."

మూలనున్న సన్నటి అమ్మాయి మాత్రం దగ్గరికి రాలేదు. తల వంచుకుని, నీళ్ళ సీసాను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మామయ్యే లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమెను మాత్రం ప్రశ్నేమీ అడగలేదు. నాకది వింతగా తోచింది.

ఒక్కొక్కరే లోపలికి వెళ్ళొచ్చి ఇళ్ళకు వెళ్ళిపోయారు. చివర్లో నా పేరు పిలిచారు. లోపల ముగ్గురున్నారు. ఇద్దరికి కళ్ళజోళ్ళున్నాయి. ఆ ఫ్రేములు ఏ రకమో గుర్తుపట్టేసరికి, సొంత చుట్టాల ఎదురుగా కూర్చున్నట్టనిపించింది.

"తాడు తెగితే లిఫ్టు కింద పడిపోతుందా?"

"పడదండీ. వేగం పెరగ్గానే బ్రేకులు పట్టేసుకుంటాయి."

"మరి మా లిఫ్టు ఎందుకు ఆగిందంటారు?"

"చూడకుండా చెప్పలేనండీ. చూపిస్తే చూస్తాను."

ముగ్గురూ నవ్వారు. ఉద్యోగం నాకు వచ్చింది. ఆ సన్నటి అమ్మాయికీ వచ్చింది, బలహీనతలు లేని అబ్బాయికి రాలేదు. ఆ కబురు తెలియడానికి చాలా రోజులు పట్టింది కాబట్టి, ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది ఒక్కటే: ఆకలి.

బయటికి వచ్చేసరికి హాలు ఖాళీ అయింది. మామయ్య, ఆ అమ్మాయి మాత్రం పక్కపక్కన కూర్చుని ఉన్నారు.

"బాగా జరిగింది. పద మామయ్యా, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి."

"ఉండు."

అంతలో ఆ అమ్మాయిని పిలిచారు. ఆమె లోపలికి వెళ్ళగానే నేను మళ్ళీ అన్నాను, "ఇంకెందుకు? పద."

"ఆ పిల్ల వచ్చేదాకా ఉందాం. ఆఖరున మిగిలింది." తర్వాత ఇంకెవరి సంగతో చెప్తున్నట్టు అన్నాడు. "నేను కూడా ఒకసారి ఇంటర్వ్యూకి వెళ్ళాను. నాదే ఆఖరి పేరు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఎవరైనా ఓ మాట పలకరిస్తారేమోనని చూశాను. చివరికి, నా పేరు పిలుస్తుంటే మెట్లు దిగిపోయాను."

"తర్వాత?"

"తర్వాతేముంది, కళ్ళజోళ్ళు," అని నవ్వాడు.

అందరినీ అడగడమే గానీ, మామయ్య తన గురించి చెప్పగా వినడం నాకు అదే మొదటిసారి. నేనూ పక్కన కూర్చున్నాను.

ఆ అమ్మాయి చాలాసేపటికి బయటికి వచ్చింది. ముఖమంతా నవ్వు. "అన్నీ అడిగారండీ. అన్నీ చెప్పాను," అంది. మేము సంచులు సర్దుకుని లేచాం. ఆమె కదల్లేదు. ఖాళీ కుర్చీలన్నిటినీ ఒకసారి చూసింది, మామయ్యను చూసింది, వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది.

"మిమ్మల్ని ఇంకా పిలవలేదు కదండీ," అంది.

"నన్నా?"

"పొద్దుటినుంచి చూస్తున్నాను. అందర్నీ పిలిచారు, మిమ్మల్ని తప్ప. ఈ వయసులో ప్రయత్నిస్తున్నారంటే మాటలు కాదు. ఒక్కరే కూర్చోలేరు, పిలిచేదాకా నేనుంటాను."

సంగతి చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. మామయ్య నా చెయ్యి మెల్లగా నొక్కి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి తన సీసా మూత తీసి ఆయన చేతికిచ్చింది.

"భయంగా ఉందా అండీ?"

మామయ్య ఒక గుక్క తాగి, కాస్త ఆలోచించాడు.

"ఇప్పుడు లేదమ్మా," అని, నిజంగానే పిలుస్తారేమో అన్నట్టు చొక్కా కాలరు సర్దుకున్నాడు.