పొద్దుటి పాలకీ సాయంత్రం పాలకీ మధ్య పెళ్లిచూపులు

నాకు మొగుడు కావాలని ఎప్పుడూ అనుకోలేదు. గేదె ఎదకి వచ్చిందని చెబితే మొహం తిప్పుకోకుండా "ఎప్పట్నుంచి?" అని అడిగే మనిషి కావాలనుకున్నాను. యాభై ఎనిమిదేళ్ల వయసులో అలాంటి మనిషి దొరకడం మొగుడు దొరకడం కంటే కష్టమని వెతకడం మొదలుపెట్టాక తెలిసింది.

మొగుడైతే ఒకసారి దొరికాడు కూడా. రెండేళ్లున్నాం. ఆ రెండేళ్ల గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. ఆయన్ని అడిగినా అదే అంటాడనుకుంటాను. ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పుకుని బతికాను. మైకు పనిచెయ్యని గదుల్లో అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఇప్పటికీ ఫోనెత్తితే కొత్తవాళ్లు "సార్" అంటారు. జీతం డబ్బుల్తో బాలాపూర్ దాటాక రాళ్లు తప్ప ఏమీ లేని చోట నాలుగు వందల గజాలు కొన్నాను. మా తమ్ముడు వచ్చి చూసి, ఇక్కడ బతకాలంటే మేకగా పుట్టాలన్నాడు. ఉద్యోగం మానేశాక అక్కడే రెండు గదులూ ఒక రేకుల పాకా వేసుకుని, గేదెని కొనుక్కుని, గోంగూర, వంకాయ, ఆనపపాదు పెట్టుకున్నాను.

ఒంటరితనం అనగానే అందరూ జాలిమొహం పెడతారు. నాకు ఏడుపు వచ్చేది కాదు, ఒళ్లు మండేది. మొదటి ఆనపకాయ కోసిన రోజు అది ఎవరికైనా చూపించాలని తెగ తిరిగాను. చుట్టుపక్కల లేస్తున్న అపార్ట్‌మెంట్లలో వాళ్లకి నేను పేడవాసన తప్ప ఇంకేమీ కాదు. చివరికి తీసుకెళ్లి గేదెకి చూపిస్తే తినేసింది.

ఆ కోపంలోనే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల కొట్టు పైన, యాభై దాటినవాళ్లకి సంబంధాలు కుదిర్చే ఆఫీసుకి వెళ్లాను. అక్కడి మేడం నా అలవాట్లేమిటని అడిగింది. తెల్లవారుజామునే లేచి పేడ ఎత్తుతానన్నాను. ఆవిడ కాసేపాలోచించి "గోసేవ" అని రాసుకుంది. అది గేదె అండీ అన్నాను. మగవాళ్లకి అంత తేడా తెలీదులెండి అంది.

మొదట పంపినాయన రిటైరైన ఆఫీసరు. టిఫిన్ సెంటర్లో కూర్చున్నాం. ఇడ్లీ రాకముందే నా ప్లాటు అమ్మించి, కొత్తపేటలో లిఫ్టున్న ఫ్లాటు కొనిపించి, బాల్కనీలో నాకో తులసి కుండీ కూడా ఇప్పించాడు. చట్నీ వచ్చేసరికి నేను లేచి వచ్చేశాను. రెండో ఆయనకి ప్రకృతి జీవనం అంటే ప్రాణం అన్నారు. తెల్ల బూట్లేసుకుని ప్లాటుకే వచ్చాడు. బాలాపూర్ లడ్డూ వేలం గురించి చాలాసేపు అడిగాడు గానీ గేదె ఎన్నిసార్లు ఈనిందని ఒక్క ముక్కా అడగలేదు. గేదెకి కూడా అది నచ్చలేదనుకుంటాను. పేడలో నానబెట్టిన తోక తీసుకొచ్చి ఆయన చెవి మీదుగా ఒక్కటిచ్చింది. ప్రకృతి మీద ఆయన ప్రేమ అక్కడితో తీరింది.

అసలు మనిషి ఆఫీసు ద్వారా రాలేదు. సరూర్‌నగర్ చెరువు పక్కన పార్కులో మిద్దెతోటల వాళ్లు ఆదివారాలు కలిసి విత్తనాలు మార్చుకుంటారు. నేను ఇంటి ఎరువు ఒక సంచీ తీసుకెళ్లాను. నల్గొండవైపు మనిషి, బస్సు నడిపి రిటైరైన డ్రైవరు, నాటుబీర గింజలు పొట్లాలు కట్టుకుని వచ్చాడు. అందరూ నా సంచీ వైపు ముక్కు మూసుకుని చూస్తుంటే ఆయన మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిడికెడు తీసి వాసన చూశాడు.

"ఇంక జర మాగాలె మేడం. లోపల వేడున్నది."

ఆ మాటకి నాకు సిగ్గేసింది. నా వయసులో సిగ్గుపడటానికి కారణాలు అంతగా మిగలవు, కాబట్టి గుర్తుంది.

ఆయన భార్య పోయి చాలాకాలమైంది. కూతురు భర్తతో సూర్యాపేటలో ఉంటుంది. హయత్‌నగర్ దాటాక ఒకరి తోటలో గది కిరాయికి తీసుకుని, నాటుకోళ్లు పెంచుకుంటూ, కూరగాయలు వేసుకుంటూ ఉంటాడు. ఆయన పెండ అంటాడు, నేను పేడ అంటాను. ఆయన బర్రె అంటాడు, నేను గేదె అంటాను. మిగతా అన్నింట్లో మా ఇద్దరి బుద్ధీ ఒకటే.

చిక్కల్లా వేళలు. దూడ పోయాక నా గేదె నా చేతికి తప్ప చేపదు. ఇంకెవరు పొదుగు ముట్టుకున్నా పాలు పైకి బిగబట్టేస్తుంది. ఆయన కోళ్లు చీకటి పడేసరికి గూట్లోకి చేరాలి, లేకపోతే కుక్కల పాలు. అందుకని మా పెళ్లిచూపులన్నీ పొద్దుటి పాలకీ సాయంత్రం పాలకీ మధ్యనే జరిగాయి. సగం దారి అని ఎల్బీ నగర్‌లో, మెట్రో మెట్ల కింద టీ బండి దగ్గర కలిసేవాళ్లం. నల్గొండ బస్సులు, విజయవాడ బస్సులు దిగిన జనం మూటల్తో మమ్మల్ని తోసుకుంటూ పోయేవారు. మేం వేపపిండి గురించి మాట్లాడుకునేవాళ్లం. ఒకసారి సినిమాకి కూడా వెళ్లాం. ఇంటర్వెల్‌కి ఇద్దరం లేచి చెరో బస్సూ ఎక్కేశాం.

ఎవరు ఎవరింటికి రావాలన్న దగ్గర బండి ఆగిపోయింది. నేను స్థలం వదలను, ఆయనది కిరాయి గది. లెక్క ప్రకారం ఆయనే రావాలి, కోళ్లు గంపలో వస్తాయి. కానీ అది ఇల్లరికం అవుతుందట. అరవై మూడేళ్ల మనిషికి ఇల్లరికం ఏమిటండీ అన్నాను. మీకు ఎరుక లేదు మేడం, మా ఊర్లె తాతలైనా నవ్వుతరు అన్నాడు. పేడలో మోచెయ్యి పెట్టడానికి లేని సిగ్గు దీనికెక్కడిదని ఒక వారం టీకి వెళ్లలేదు.

ఆ వారంలోనే, శుక్రవారం ఇంకా తెల్లారకముందు పాకలో జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది, తుంటి పట్టేసింది. లేవలేక అలాగే పడున్నాను. ఫోను అందేంత దూరంలో లేదు. ఎండెక్కాక అది మోగీ మోగీ ఆగుతుంటే, పాక్కుంటూ వెళ్లి ఎత్తాను. తమ్ముడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి పరుగున వచ్చి దవాఖానాకి తీసుకెళ్లి కట్టు వేయించాడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం తీర్పు చెప్పేశాడు. ఆదివారం పొద్దున్నే గేదెల బేరగాడిని తీసుకొస్తాడట. గేదెని అమ్మేస్తే నేను వాళ్ల ఫ్లాట్లో మూడో గదిలోకి మారాలట.

వాదించడానికి నా చేతిలో ఏమీ లేకపోయింది. కూలికి పిలిచిన మనిషిని గేదె బకెట్టుతో సహా తన్నింది. నేను ఎడం చేత్తో ప్రయత్నిస్తే నాలుగు చుక్కలు రాల్చి ముఖం తిప్పేసుకుంది. పొదుగు రాయిలా గట్టిపడుతోంది. ఇంకో రోజు ఇలాగే ఉంటే జబ్బు చేస్తుంది, అప్పుడు బేరగాడికి కూడా పనికిరాదు. గేదె పోతే ఎరువు పోతుంది, ఎరువు పోతే తోట పోతుంది, ఆ తర్వాత నేను బాల్కనీలో తులసి కుండీ ముందు కూర్చోవాలి. భయం వేసింది. నిజంగానే వేసింది. అలిగిన సంగతి పక్కనపెట్టి శనివారం రాత్రి డ్రైవర్ గారికి ఫోన్ చేశాను.

ఆదివారం మొదటి బస్సుకే దిగాడు. గేదె ఆయన్ని టికెట్టు లేని వాణ్ణి చూసినట్టు చూసింది. దగ్గరికి వెళ్లగానే కాలు ఎత్తింది. ఆయన వెనక్కి వచ్చి, దండెం మీద ఆరేసి ఉన్న నా పువ్వుల నైటీ వైపు చూశాడు.

"మా అమ్మకు జరమొస్తే మా నాయిన ఆమె చీర సుట్టుకోని బర్రెను పిండెటోడు. బర్రెకు మనిషి కాదు మేడం, బట్ట గుర్తు."

ఉతికింది పనికిరాదు, విడిచింది ఇమ్మన్నాడు. ఇచ్చాను. ప్యాంటు మీదే తొడుక్కున్నాడు. పిక్కల దగ్గరే ఆగిపోయింది. నేను కట్టుకున్నట్టే తలకి తువ్వాలు చుట్టాడు. గుండీలు పెట్టుకుంటూ, ఇది ఏసుకున్నంక ఇంక ఇల్లరికానికేం సిగ్గు అని తనలో తనే గొణుక్కున్నాడు. నేను విననట్టు ఎడం చేత్తో బకెట్టు అందించాను. పాల వేళ మాట్లాడే మాట కాదది.

ఇంకో చిక్కుంది. పితికేటప్పుడు ఎక్కాలు చదవడం నాకలవాటు, గేదెకి ఆ చప్పుడు ఉండాలి. ఆయనకి ఎక్కాలు రావు. పొదుగు కడిగి, కాసేపు నిమిరి, బొంగురుగా తనకొచ్చింది అందుకున్నాడు. చాదర్‌ఘాట్, మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట. ఎల్బీ నగర్ దగ్గరికి వచ్చేసరికి గేదె ఒక్క నిట్టూర్పు విడిచి చేపింది. బకెట్టులో ధార మోగింది. నేను గడ్డిమోపు వెనక పీట మీద కూలబడ్డాను. పట్టరాని సంతోషం వేసింది.

సరిగ్గా అప్పుడే తమ్ముడు వచ్చాడు, వెనకాల బేరగాడు. పాక గుమ్మంలో నిలబడి చూస్తే వాడికి కనిపించింది చీకట్లో నైటీ, తువ్వాలు, గేదె పొట్టకి ఆనించిన తల.

"కట్టు విప్పేసుకుని పితుకుతున్నావా? నీకసలు బుద్ధుందా అక్కా?"

నేను లేవబోయాను. డ్రైవర్ గారు ఒక చెయ్యి వెనక్కి పెట్టి వద్దని ఊపాడు. మధ్యలో ఆపితే గేదె మళ్లీ బిగబడుతుంది. నిజం చెప్పొద్దూ, తమ్ముడు ఏమంటాడో వినాలని నాకూ ఉంది. వాడు ఆ వీపుకి అన్నీ చెప్పేశాడు. ఈ వయసులో సంబంధాల ఆఫీసుకి వెళ్లడమేమిటన్నాడు. టీ బండి దగ్గర చూసినవాళ్లు వచ్చి చెబుతుంటే తలెత్తుకోలేకపోతున్నానన్నాడు. ఆ బస్సు డ్రైవరు గాడు నీ కోసం కాదు, నీ గజాల కోసం వస్తున్నాడన్నాడు. నా ఒళ్లు భగ్గుమంది. డ్రైవర్ గారి వీపు మాత్రం కదల్లేదు. వనస్థలిపురం, ఆటోనగర్ అని గొణుగుతూ, ధార తెగకుండా పితుకుతూనే ఉన్నాడు.

ఆ గొణుగుడు తనని లెక్కచెయ్యకుండా చదువుతున్న ఎక్కం అనుకున్నట్టున్నాడు తమ్ముడు. ఉన్నట్టుండి వాడి గొంతు మారింది.

"చీకట్లో పడ్డావు. ఎండెక్కేదాకా పేడలో పడున్నావు. ఆ రోజు నేను ఊరికే చేశానక్కా ఆ ఫోను, ఏదో తోచక. చెయ్యకపోతే? రేపు నీకేమైనా అయితే నాకెవరు చెబుతారు? ఈ గేదె ఫోన్ చేస్తుందా?"

దారిలో వాడెందుకు మాట్లాడలేదో అప్పుడర్థమైంది. కోపం అనుకున్నాను. వాడు భయపడ్డాడు, నాకంటే ఎక్కువగా. నాకు ఏడుపొచ్చింది.

డ్రైవర్ గారు వెనక్కి తిరక్కుండానే, బస్టాపులు చెప్పిన గొంతుతోనే జవాబిచ్చాడు.

"నేను జేస్త సార్. రోజు పొద్దున పాలు పిండంగనే జేస్త. నంబర్ ఇయ్యుండ్రి."

నేను గడ్డి వెనక నుంచి బయటికొచ్చాను. తమ్ముడు నా కట్టు ఉన్న చేతినీ, నైటీ కింద ఉన్న ప్యాంటునీ మార్చి మార్చి చూశాడు. బేరగాడు నిండుతున్న బకెట్టు చూసి, గీ బర్రె అమ్మేది కాదు సార్ అని చెప్పి బండెక్కి వెళ్లిపోయాడు. డ్రైవర్ గారి చేతులు ఖాళీ లేవు. గుంజకి తగిలించిన ఆయన చొక్కా జేబులోంచి ఫోను తీసి, తమ్ముడి నంబరు ఎడం చేత్తో ఒక్కొక్క అంకే నొక్కాను. ఏ పేరుతో పెట్టమంటారండీ అని అడిగాను.

"సార్ అని పెట్టుండ్రి," అన్నాడాయన.

తమ్ముడు జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికొచ్చి, నా పీట మీద కూర్చున్నాడు.

"సార్ ఏంటక్కా," అన్నాడు. "బావమరిది అని పెట్టు."