కూర్చుని భయపడమన్న ప్లీడరమ్మ

ప్లీడరమ్మ పోయిందని శుక్రవారం పొద్దున ఆమె గుమాస్తా ఫోన్ చేసి చెప్పాడు. నేను రోజూ ఎంతోమంది కోసం భయపడే మనిషిని. మా ఆయన బజారుకు పోయి పది నిమిషాలు ఆలస్యమైతే లారీ గుర్తొస్తుంది. కూతురు ఫోన్ ఎత్తకపోతే ఆసుపత్రి గుర్తొస్తుంది. మబ్బు పడితే పిడుగు పడుతుందని, పడకపోతే బోరు ఎండిపోతుందని. ఇన్ని భయాల్లో ఆమె చావు ఒక్కరోజు కూడా లేదు. ఆమెకేమవుతుందిలే అనుకున్నాను. తెల్లవారుజామున గుండె ఆగిందట. సత్తెనపల్లి మీదుగా హైకోర్టుకు పోవడానికి సంచి సర్ది తలుపు దగ్గర పెట్టుకునే ఉందట.

నరసరావుపేట ప్లీడర్లు ఆమె జ్ఞాపకంగా పుస్తకం వేస్తున్నారు, క్లయింట్ల తరఫున నువ్వు రాయమ్మా అని గుమాస్తానే అడిగాడు. అయిదో తరగతి చదువు నాది. తప్పులుంటే ఆయన దిద్దుతానన్నాడు. ఈ పుస్తకం చదివేవాళ్లలో చాలామంది ఆమెను కోర్టులో నల్లగౌనులో చూసి ఉంటారు. మా ఊరి పోలీసు స్టేషను వరండాలో ఆమె చేసిన పని మీరు చూసి ఉండరు. అది చెప్పాలని రాస్తున్నాను.

మా ఆయనది మోటారు వైండింగ్ పని. బోరు మోటార్లు కాలిపోతే రాగితీగ చుట్టి మళ్లీ తిరిగేలా చేస్తాడు. ఒక ఎలక్షనుకు ముందు మా కొట్టు ఎదురుగానే రెండు పార్టీల వాళ్లు కొట్టుకున్నారు. ఎవడో మా కొట్టులోకి దూరి పానా లాక్కుపోయి ఇంకొకడి భుజం మీద కొట్టాడు. పానా మాది కాబట్టి ముద్దాయిల వరసలో పదకొండో పేరు మా ఆయనది అయింది. దాంతోపాటు స్టేషనులో రౌడీషీటు తెరిచారు. యాభై ఎనిమిదేళ్లు ఆయనకు అప్పటికి. రెండుపూటలా బీపీ మాత్ర మింగే మనిషి. రౌడీషీటు ఉన్నవాళ్లు ఆదివారం ఆదివారం స్టేషనుకు పోయి కనపడాలి. నీళ్ల ట్యాంకర్ దగ్గర ఆడవాళ్లు, "ఏమే, మీ రౌడీ ఇవాళ స్టేషనుకు పోలా?" అని నవ్వేవాళ్లు. నేను బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసేదాన్ని.

గురజాల కోర్టులో కేసు నాలుగేళ్లు నడిచింది. మా బావగారికి తెలిసిన మనిషి చెబితే ప్లీడరమ్మ దగ్గరకు పోయాం. ఆడమనిషి ఇలాంటి కేసేం గెలుస్తుందని నాకు లోపల బెంగ. సాక్షి బోనెక్కి, "పానా ఈయనదేనండీ, దాని మీద కొట్టు పేరు చెక్కి ఉంది" అన్నాడు. ఆమె పక్కనే నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ని చూపించి, "ఆయన చేతిలో లాఠీ ఎవరిది?" అని అడిగింది. "పోలీసోళ్లది." "అది నేను లాక్కుని నిన్నొకటి వేస్తే కేసు ఎవరి మీద పెడతావు?" సాక్షి హెడ్డును చూశాడు, ఆమెను చూశాడు, జడ్జిగారిని చూశాడు. "మీ మీదేనండీ" అన్నాడు. "అంతే నాయనా, దిగు" అంది.

కేసు కొట్టేశారు. మేం ఇంటింటికీ మైసూర్ పాక్ పంచాం. మూడోరోజు ఆదివారం. కానిస్టేబుల్ వచ్చి, "పద పెద్దాయనా, టైమైంది" అన్నాడు. కేసు పోయినా షీటు పోదట. అది మాకెవరూ చెప్పలేదు. కొట్టేసింది కోర్టు, తెరిచింది స్టేషను. మైసూర్ పాక్ తిన్నవాళ్లంతా వీధిలో నిలబడి చూస్తుండగా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్లాడు.

ప్లీడరమ్మకు ఫోన్ చేస్తే, "సరే, అయితే ఇంకో కోర్టు" అంది. కింద కోర్టులో సర్కారు మన మీద వేసిన కేసుకు మనం జవాబు చెప్పాం వదినా, పైకోర్టులో సర్కారు చేత జవాబు చెప్పిద్దాం అంది. నన్ను వదినా అనేది, ఆయన్ని అన్నా అనేది. పెద్ద ప్లీడర్లు కొందరు క్రిమినల్ ఒక్కటే చేసుకోమని, సర్కారు మీద వేసే ఈ రిట్లు నీకెందుకని చెప్పేవాళ్లట. వెనక నుంచి బారిస్టరమ్మ అని ఎకసెక్కం చేసేవాళ్లట. "పోలీసులు నా కోసం రెండు కోర్టులకూ వస్తున్నారు, వాళ్లకు లేని కష్టం నాకేంది?" అని ఆమె నవ్వేది.

ఆ వచ్చే ఆదివారం చెప్పకుండా మా ఊరు వచ్చింది. భుజాన బట్టలకొట్టు వాళ్లిచ్చిన సంచి, దాన్నిండా కాయితాలు. నేరుగా స్టేషనుకు పోదాం పదమంది. అక్కడ మా ఆయన, ఇంకో నలుగురు వరండాలో నాపరాళ్ల మీద గొంతుక్కూర్చుని ఉన్నారు. ఎస్.ఐ. గారు వచ్చేదాకా అలాగే ఉండాలి. ఒక్కోసారి మధ్యాహ్నం దాటేది.

"నా క్లయింటుకు కుర్చీ ఏదండీ?" అని ఆమె హెడ్డును అడిగింది.

"ఏందమ్మా, పెళ్లికొచ్చారా కుర్చీలెయ్యడానికి?" అన్నాడు ఆయన. వరండాలో అందరూ నవ్వారు. కింద కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు, అది నాకింకా బాధ.

ఆమె రోడ్డు దాటి ఎదురుగా ఉన్న టెంట్‌హౌస్‌లోకి వెళ్లింది. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే నీలం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తానే మోసుకొచ్చి మా ఆయన పక్కన వేసింది. "కూర్చో అన్నా." ఆయన లేచి నిలబడ్డాడే గానీ కూర్చోడు. ఈ కుర్చీ ఎక్కినందుకు ఇంకో కేసు పెడతారని, లాకప్పులో వేస్తారని, మాత్ర ఇవ్వనివ్వరని ఒక్క క్షణంలో అంతా చూసేశాను. ఆమె ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. తను పక్కన నిలబడింది. ఎస్.ఐ. గారు వచ్చేదాకా రెండు గంటలు అలాగే నిలబడి ఉంది. వెళ్లేటప్పుడు టెంట్‌హౌస్ ఆయన దగ్గర చీటీ రాయించుకుంది. "ఒక కుర్చీ, పోలీసు స్టేషను వరండాకు" అని, కింద తేదీ.

"ప్రతి ఆదివారం ఇట్టాగే తీసుకో వదినా. చీటీ మాత్రం మర్చిపోవద్దు" అంది. ఎందుకని నేను అడగలేదు. ప్రతి ఆదివారం కుర్చీ మోశాను. తాళిబొట్టు దాచుకున్నంత భద్రంగా ఆ చీటీలు బియ్యం డబ్బాలో దాచాను.

అన్నీ ఆమె చెప్పినట్టే చేసి ఉంటే ఇది రాయడం నాకు తేలిక. ఒక తప్పు చేశాను. హైకోర్టులో రిట్టు పడ్డాక ఒకరోజు ఆయన కొట్లో లేనప్పుడు కానిస్టేబుల్ వచ్చి నన్ను స్టేషనుకు పిలిచాడు. బల్ల ముందు నిలబెట్టారు. "అమ్మా, ఈ కాయితం మీద సంతకం పెడితే ఆదివారాలు ఆపేస్తాం" అన్నారు. చదువుతానంటే, "నీకు చదివే టైముంది గానీ మాకు వినే టైము లేదు" అన్నారు. ఆదివారాలు ఆగుతాయన్న మాట ఒక్కటే నా చెవిలో పడింది. పెట్టేశాను. ఇంటికొచ్చాక గుమ్మం దగ్గరే తెలిసింది నేనేదో చేశానని. నా మొగుడికి చెడు సావాసాలున్నాయని, ఆయన మీద ఒక కన్నేసి ఉంచమని నేనే వేడుకున్నట్టు అందులో ఉందని తరవాత బయటపడింది.

నరసరావుపేట పోయి ఆమెకు చెప్పాను. ఆమె ఆఫీసులో ఒక బల్లఫ్యాను టకటకమని కొట్టుకునేది. మా ఆయన ఒకసారి బాగుచేస్తానంటే వద్దంది, ఆ చప్పుడుంటే మన మాటలు పక్కగదికి పోవంది. ఆ ఫ్యాను ముందు నిలబడి ఏడుస్తున్నాను.

"ముందు కూర్చో."

"కూర్చోనమ్మా. తప్పు చేశాను."

"తప్పు చేసినోళ్లకే గదా ఈ కుర్చీలేసింది. చెయ్యనోళ్లు నా దగ్గరకెందుకొస్తారు?"

కూర్చున్నాను. భయమేసిందమ్మా అన్నాను. "భయపడు. నేను వద్దన్నానా? జడ్జిగారు కళ్లజోడు తీసి చూస్తే నాకూ కాళ్లు వణుకుతాయి. గౌను అంత పొడుగెందుకనుకున్నావ్? కాకపోతే కూర్చుని భయపడు వదినా. నిలబెట్టి భయపెడితే ఎవరమైనా ఏ కాయితం మీదైనా సంతకం పెడతాం." తర్వాత సంచిలోంచి వేయించిన శనగలు తీసి నా చేతిలో పోసింది. ఆమె మధ్యాహ్నం భోజనం అదే అని గుమాస్తా చెప్పాడు. ఆ సంగతి తెలిసేటప్పటికి సగం తినేశాను.

హైకోర్టులో మా రిట్టు వచ్చినరోజు నన్నూ తీసుకెళ్లింది. వెనక బల్ల మీద కూర్చున్నాను. అంతా ఇంగ్లీషు. సర్కారు ప్లీడరు ఒక కాయితం పైకెత్తి చూపించాడు. అంత దూరం నుంచి కూడా వంకర సంతకం నాదేనని పోల్చుకున్నాను. అక్కడే నేల చీలితే బాగుండనిపించింది. ప్లీడరమ్మ అడ్డం చెప్పలేదు. ఆయన చెప్పడం అయ్యేదాకా ఆగి, లేచి, నేను బియ్యం డబ్బాలోంచి తెచ్చిచ్చిన చీటీల కట్ట ఇచ్చింది. జడ్జిగారు ఒక్కోటీ తిప్పి, ఆ ఒక్క మాట తెలుగులో అడిగారు. "ఈ కుర్చీలేమిటమ్మా?"

"కూర్చోవడానికండీ" అంది.

బయటికి వచ్చాక చెట్టు కింద టీ తాగుతూ నాకు వివరంగా చెప్పింది. ఆదివారాలు మేం ఎవరినీ పిలవలేదని స్టేషను వాళ్లు రాసిచ్చారట. పిలవని మనిషి ప్రతి ఆదివారం పెళ్లికుర్చీ అద్దెకు తీసుకుని అక్కడెందుకు కూర్చుంటాడని ఆమె అడిగిందట. "మరి నా సంతకం?" అన్నాను. "అది వాళ్ల కాయితం కాదు వదినా, మనది. ఆదివారాల భయం ఇంటావిడ చేత మొగుడి మీద రాయించేదాకా పోయింది, దీనికన్నా నేనేం రుజువు చూపించాలన్నాను. ఇంకోసారి చదవమని అడిగాను కూడా." నా తప్పును ఆమె దాచలేదు. నా ఎదురుగా, నా తరఫున, పైకెత్తి చూపించింది. షీటు మూసెయ్యమని ఆర్డరు వచ్చింది. ఆమె దాన్ని పాలిథిన్ కవరులో పెట్టి ఇచ్చి, "ఇది గోడకు తగిలించుకునేది కాదు. చేతికందే చోట పెట్టుకో" అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు. గెలిచాక ఇంకేం చేతికి అందాలి?

ఆమె పోయిన తరవాతి వారం, ఆదివారం పొద్దున, మా గుమ్మం ముందు పోలీసు బండి ఆగింది. కొత్త కానిస్టేబుల్. "పెద్దమ్మా, కొత్త సారొచ్చారు. పాత లిస్టులో మీ ఆయన పేరుంది. ఒకసారొచ్చి కనపడి పోతే సరిపోద్ది" అన్నాడు. "షీటు కొట్టేశారు నాయనా" అన్నాను. "ఏమో మరి. మీ ప్లీడరమ్మ పోయిందంట గదా" అని బండి తిప్పుకుని వెళ్లాడు.

లోపల మా ఆయన అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు. పై గుండీ కింది కాజాలో పెట్టుకుంటున్నాడు. ఇవాళ ఒక్కసారి పోతే వచ్చే ఆదివారం కూడా ఉంటుంది, ఆ పై ఆదివారం ఉంటుంది, ఆయన పోయేదాకా ఉంటుంది. "విప్పు" అన్నాను. ఆయనతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు. పాలిథిన్ కవరు తీసుకుని నేనే బయల్దేరాను.

టెంట్‌హౌస్ బాబాయి నన్ను చూడగానే లోపలికి పోయి నీలం కుర్చీ తెచ్చాడు. "తీసుకుపో అమ్మాయ్, నీ దగ్గర చీటీ ఎందుకు" అన్నాడు. "రాయి బాబాయ్, తేదీ వెయ్యి" అన్నాను. రాసిచ్చాడు.

కుర్చీ వరండాలో వేసి కూర్చున్నాను. కానిస్టేబుల్ వచ్చి, "నువ్వొచ్చావేంది, ఆయనేడీ?" అన్నాడు. ఆర్డరు చేతికివ్వకుండా చూపించాను. ఇది ఉండగా ఆయన్ని ఏ కాయితం మీద పిలిచారో రాసివ్వమన్నాను. లోపలికి వెళ్లి వచ్చి, "సారుతో చెప్పాన్లే, రానక్కర్లేదన్నారు. ఇంటికి పో పెద్దమ్మా" అన్నాడు.

"రానక్కర్లేదని రాసివ్వండి" అన్నాను.

అతను మళ్లీ లోపలికి వెళ్లాడు. ఎదురుగా ఎండ రోడ్డు మీదకు ఎక్కుతోంది. నాకు భయం తగ్గలేదు, మోకాళ్లు ఆడుతూనే ఉన్నాయి. వాటితోపాటు కుర్చీ కాలు ఒకటి నాపరాయి మీద టకటకమని కొట్టుకుంటోంది, ఆమె ఆఫీసు ఫ్యాను లాగా. ఆ చప్పుడు లోపల రాసే బల్ల దాకా వినపడుతుందని తెలుసు. ఆపడానికి నేను కాళ్లు బిగించలేదు.